52వ సెక్షనుకు జగిత్యాల టీక

అవతారిక. కాళిదాసు కావ్యాలకు టీక రాసిన కోలాచల మల్లినాథ సూరిది మెదక్ జిల్లా కొల్చారం. టీక రాయడానికి కూర్చున్నప్పుడు ఆయన పెట్టుకున్న నియమం ఒకటుంది: మూలంలో లేనిది రాయడు, అక్కరలేనిది చెప్పడు. కొల్చారానికి ఉత్తరంగా ఉన్న సిరిసిల్ల, జగిత్యాల, కోరుట్లలో ఈ నియమం తలకిందులైంది. ఇక్కడి కుర్రవాడికి షోరూం నుంచి వచ్చే బైకు మూలగ్రంథం మాత్రమే. వారం తిరిగేసరికి వ్యాఖ్యానం మొదలవుతుంది. సైలెన్సర్ మారుతుంది, హారన్ మారుతుంది, వెనక మడ్‌గార్డు మాయమవుతుంది, ట్యాంకు మీద నెమలి పింఛం మొలుస్తుంది. నెల తిరిగేసరికి కాళిదాసే వచ్చినా తన శ్లోకాన్ని గుర్తుపట్టలేడు.

జగిత్యాల వాళ్ల తప్పు లేదు. నక్షత్రం ఆకారంలో ఉండే అక్కడి కోటను కట్టింది జాక్, టాల్ అనే ఇద్దరు పరదేశపు ఇంజనీర్లని, ఊరి పేరు కూడా వాళ్లిద్దరి నుంచే వచ్చిందని స్థలపురాణం. ఇద్దరు ఇంజనీర్ల పేరు పెట్టుకున్న ఊళ్లో ప్రతి ఇంటికీ ఒక ఇంజనీరు పుడితే ఆశ్చర్యమేముంది?

మూలం. "ఏ యజమానియు తన వాహనమును, రిజిస్ట్రేషను పత్రములోని వివరములు తయారీదారు మొదట చెప్పినవానితో పొసగకుండునట్లు మార్చరాదు." ఇది 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షనుకు తెలుగు చేసిన సారం. కొత్త భాష్యం కాస్త కఠినమైనది. 2019 చట్ట సవరణ తర్వాత, అనుమతి లేని మార్పు చేయించిన యజమానికి ఒక్కో మార్పుకు ఐదు వేల రూపాయల జరిమానా గానీ, ఆరు నెలల దాకా జైలు గానీ, రెండూ గానీ పడవచ్చు. వ్యాకరణ దోషాలను లెక్కపెట్టినట్టు దోషానికింత అని లెక్కగట్టిన తీరును టీకాకారుడు ఎంతైనా మెచ్చుకుంటాడు.

ప్రతిపదార్థం. యజమాని అనగా ఆర్సీ మీద పేరున్నవాడు. కోరుట్లలో ఆ పేరు తరచుగా దుబాయిలో ఉంటుంది, బండి ఇక్కడుంటుంది. తండ్రి అక్కడ లారీ నడుపుతాడు, కొడుకు ఇక్కడ బుల్లెట్ నడుపుతాడు. వీడియో కాల్‌లో సంభాషణ దాదాపు ఇలా ఉంటుంది.

"అదేం సప్పుడురా?"

"మన బండే బాపూ."

"గిక్కడ గట్ల సప్పుడు జేస్తే రెండు వేల దిర్హములు గుంజుతరు. పన్నెండు బ్లాక్ పాయింట్లు రాస్తరు."

"గిది కోరుట్ల గదా బాపూ."

తండ్రి చెప్పిన లెక్క అక్షరాలా నిజం. యజమాని ఒక చట్టం కింద, వాహనం ఇంకో చట్టం కింద బతుకుతున్న ఈ స్థితిని వ్యాకరణంలో ఏమంటారో తెలియదు గానీ, నిజామాబాద్ నుంచి జగిత్యాల దాకా 63వ నంబరు జాతీయ రహదారి పొడవునా ఇదే వ్యాకరణం.

వాహనం అనగా మోసేది. వేములవాడ రాజన్న దగ్గర కోడె మొక్కు చెల్లించే భక్తుణ్ణి అడిగితే అసలైన వాహనం ఏదో చూపిస్తాడు. దానికి గంటలు, పూసలు, కొమ్ములకు రంగు అన్నీ ఉంటాయి. ఏ కోడె కొమ్ముల రంగుకూ ఇంతవరకు చలాన్ పడలేదు.

వివరములు. తగాదా అంతా ఈ మాట దగ్గరే. ఆర్సీలో ఇంజన్ నంబరు, ఛాసిస్ నంబరు, రంగు, ఇంధనం, సీట్ల సంఖ్య, బరువు వంటివి ఉంటాయి. సైలెన్సర్ ఊసు లేదు. జగిత్యాల టవర్ సర్కిల్ దగ్గర చాయ్ తాగే పూర్వపక్షి దీన్నే పట్టుకుంటాడు: "ఆర్సీల లేనిదాన్ని మారిస్తే ఆర్సీతోని ఎట్ల తేడా వస్తది సార్?" తర్కం బలమైనదే. మల్లినాథుడి నియమాన్ని మల్లినాథుడి మీదికే తిప్పడం ఇది.

సిద్ధాంతి రెండు రకాలుగా జవాబు చెబుతాడు. ఒకటి, సైలెన్సర్‌కు విడిగా నిబంధన ఉంది. 1989 కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 120వది అదే. చప్పుడు హద్దు దాటితే 190వ సెక్షను పలుకుతుంది. రెండు, 2019 జనవరి 9న సుప్రీంకోర్టు కేరళ కేసులో ఇచ్చిన తీర్పు. వాహన యజమానులకు అనుకూలంగా కేరళ హైకోర్టు చెప్పినదాన్ని జస్టిస్ అరుణ్ మిశ్రా, జస్టిస్ వినీత్ శరణ్‌ల ధర్మాసనం కొట్టేసింది. తయారీదారు మొదట చెప్పిన రూపమే ప్రమాణమని, రాష్ట్ర నిబంధనలు 52వ సెక్షనుకు లోబడే ఉండాలని తేల్చింది. కవి రాసిందే కావ్యం అన్నమాట. వ్యాఖ్యాత కవి కాలేడు.

మినహాయింపు లేదని కాదు. దివ్యాంగుల కోసం స్కూటీకి పక్క చక్రాలు బిగించడాన్ని, అనుమతి పొందిన గ్యాస్ కిట్టును చట్టం ఒప్పుకుంటుంది. మార్పు చేశాక పద్నాలుగు రోజుల్లో ఆర్టీవోకు చెప్పాలి. అంటే మూలాన్ని ముట్టుకోవడం పాపం కాదు, ఎవరికీ చెప్పకుండా ముట్టుకోవడం పాపం.

ఇక మార్పుల విభజన. సంధి పాఠం చదివినవాళ్లకు ఇది తేలిక. ఆగమం మిత్రుడిలా వచ్చి పక్కన చేరుతుందని, ఆదేశం శత్రువులా ఒకరిని వెళ్లగొట్టి ఆ చోట కూర్చుంటుందని బడిలో చెప్పేవారు. ఇక లోపం అంటే ఉన్నది పోవడం. మెకానిక్ షెడ్డులో జరిగేవి ఈ మూడే.

ఆదేశం. దీనికి ప్రసిద్ధ ఉదాహరణ సైలెన్సర్. పేరుకు నిశ్శబ్దం చేసేది, పనికి ఊరంతా లేపేది; ఆలంకారికులు దీన్ని విరుద్ధలక్షణ అంటారు, ఎస్సైలు కేసు అంటారు. కంపెనీ సైలెన్సర్ లోపల అడ్డుగోడలు, చిల్లుల గొట్టాలు ఉంటాయి. ఇంజన్ వదిలే పొగ వాటిలో తిరిగి తిరిగి, విసిగి, బయటికి వచ్చేసరికి గొంతు తగ్గించుకుంటుంది. ఇందోరీ అని, పంజాబీ అని పిలిచే రకాల్లో ఈ అడ్డుగోడలు ఉండవు, పొగ నేరుగా బయటికి దూకుతుంది. కొన్నింటి మూతిలో డీబీ కిల్లర్ అనే చిన్న బిరడా ఉంటుంది. పోలీసులు కనబడితే బిగిస్తారు, మలుపు తిరిగాక పీకేస్తారు.

175 సీసీ దాటిన మోటారు సైకిలు తయారయ్యేటప్పుడు 80 డెసిబెల్స్ దాటకూడదని హద్దు. డెసిబెల్ లెక్క మామూలు కూడిక కాదు. పది పెరిగితే శబ్దశక్తి పది రెట్లవుతుంది. 90 అంటే 80 కన్నా కాస్త ఎక్కువే కదా అనుకునేవాడు పదోతరగతి భౌతికశాస్త్రం దగ్గర నిద్రపోయాడని అర్థం. 2020 ఏప్రిల్ నుంచి వస్తున్న బీఎస్-6 బండ్లలో ఇంకో చిక్కుంది. పొగలోని విషాన్ని విరిచే క్యాటలిటిక్ కన్వర్టర్ సాధారణంగా ఆ పొగగొట్టం వరసలోనే ఉంటుంది. మొత్తం వరసంతా పీకేస్తే చెవికి చేటుతో పాటు ఊపిరికీ చేటు.

జిల్లా కేంద్రాల్లో పట్టుబడ్డ సైలెన్సర్లను వరసగా పేర్చి రోడ్డు రోలర్ ఎక్కించడం తెలంగాణలో అలవాటైన దృశ్యం. ఫొటోగ్రాఫర్లు వస్తారు, పళ్లెంలా అయిపోయిన గొట్టాలు మర్నాడు పేపర్లో వస్తాయి. టీకాకారుడికి ఒకటే సందేహం. చప్పుడు చేసేదే చప్పుడుతో దొరుకుతుంది. మరి చప్పుడు లేనివి?

ఆగమం. బంపరు ముందు ఇనుప గార్డు, హెడ్‌లైటు పక్కన కళ్లు చెదిరే తెల్ల ఎల్ఈడీలు, అద్దాలకు నల్ల ఫిల్మ్, పలు రాగాల హారన్. పలు రాగాల హారన్లను 119వ నిబంధన ఒప్పుకోదు. నల్ల ఫిల్ముల మీద సుప్రీంకోర్టు 2012 ఏప్రిల్‌లోనే తీర్పు చెప్పింది. బంపరు గార్డుల మీద చర్య తీసుకోమని కేంద్ర రవాణా శాఖ 2017 డిసెంబరులో రాష్ట్రాలకు రాసింది. కారు ముందు భాగాన్ని నలిగేటట్టు కావాలనే చేస్తారు. అది నలిగి దెబ్బను మింగుతుంది, మనిషిని మిగుల్చుతుంది. ఇనుప గార్డు నలగదు. దెబ్బను తిన్నగా ఛాసిస్‌కు చేరవేస్తుంది, ఎయిర్‌బ్యాగు సెన్సర్లను తికమక పెడుతుంది, ఎదురుగా పడిన పాదచారికి రోకలి అవుతుంది. పాణినీయులు మిత్రుడన్న ఆగమం ఇక్కడ శత్రువుకన్నా ప్రమాదం. అయినా ఎన్ని బొలేరోల ముందు ఆ గార్డు లేదు?

వరి దేశంలో ఇంకో ఆగమం ఉంది. కరిగెట దున్నడానికి ట్రాక్టరుకు బిగించే ఇనుప కేజ్ వీల్స్. మడిలో అవి దేవతలు, తారు రోడ్డెక్కితే ఆ రోడ్డు కోడె గిట్టల కింద బొంత. రైతు మాటా వినాలి. ఈ మడి నుంచి ఆ మడికి పోవాలంటే మధ్యలో అర కిలోమీటరు రోడ్డు. దానికోసం చక్రాలు విప్పి మళ్లీ బిగించడమంటే పూటంతా అక్కడే అవుతుంది, కిరాయి ట్రాక్టరు గంట లెక్కన నడుస్తుంది. టీకాకారుడు ఇక్కడ రైతును పూర్తిగా తప్పుపట్టలేడు. రోడ్డును మాత్రం తప్పుపట్టనే లేడు.

లోపం. ఉన్నదాన్ని తీసేయడం. కుర్రవాళ్లు ముందుగా తీసేది అద్దాలు, తర్వాత శారీ గార్డు. అద్దాల సంగతి టీకాకారుడు ఇక్కడ పెంచడు. కారణం గద్యలో ఉంది. శారీ గార్డు సంగతి మాత్రం సిరిసిల్ల పేరు మీద చెప్పితీరాలి.

వెనక కూర్చున్నవారి బట్ట చక్రంలో పడకుండా చక్రాన్ని కనీసం సగం కప్పే రక్షణ ఉండాలని 123వ నిబంధన. వాడుకలో దానికి శారీ గార్డని పేరు. 2017 నుంచి కొన్నేళ్లపాటు రాష్ట్రమంతా పంచిన బతుకమ్మ చీరల్లో ఎక్కువభాగం నేసింది సిరిసిల్ల సాంచాలే, అంటే మరమగ్గాలే. ఏడాదికి కోటి దాకా చీరలు. అదే ఊళ్లో, ఆ చీరలు నేసిన ఆసామి కొడుకే, బండి స్పోర్ట్స్ బండిలా కనబడాలని శారీ గార్డు విప్పించేస్తాడు. పండగనాడు అమ్మ ఆ కొత్త చీర కట్టుకుని ఒకపక్కకు కాళ్లు పెట్టి వెనక కూర్చుంటుంది. కొంగు ఎక్కడుంటుందో చూసుకునే చెయ్యి, సంచీ పట్టుకున్న చెయ్యి ఒకటే. చున్నీలు, కొంగులు చక్రంలో పడి మెడకు బిగుసుకున్న కథలు వినని మండలం లేదు.

సిరిసిల్లలోనే దీనికి ఎదురు ఉదాహరణ కూడా ఉంది. తెల్లబట్ట నేసే పాత సాంచాకు డాబీ బిగించి అంచున జరీ వచ్చేటట్టు చేసినవాణ్ణి ఊరు మెచ్చుకుంటుంది. అక్కడ మూలం మార్చడం నేర్పు. సాంచా మారితే నష్టమైనా లాభమైనా ఆ కార్ఖానా గోడల మధ్యనే. బండి మారితే ఖర్చు యజమానిది, నష్టం ఎదురొచ్చినవాడిది. టీకాకారుడి దృష్టిలో నేర్పుకూ నేరానికీ మధ్య గీత ఇక్కడే పడాలి. చట్టం ఆ గీతను ఆర్సీ కాగితం మీద గీసింది, అందుకే ఒక్కోసారి రంగు దగ్గర పడే పట్టు ఇనుప గార్డు దగ్గర పడదు.

రంగు అంటే గుర్తొచ్చింది. రక్షణ శాఖ వాహనాలకు తప్ప ఇంకెవరికీ ఆలివ్ గ్రీన్ వేయరాదని 121వ నిబంధన. 2022 డిసెంబరులో జనసేన అధ్యక్షుడు పవన్ కళ్యాణ్ ప్రచారం కోసం తయారు చేయించిన వారాహి వాహనం రంగు ఇదేనని ఆంధ్రలో ప్రత్యర్థులు పట్టుబట్టారు. కనీసం ఆ రంగు చొక్కా అయినా వేసుకోవచ్చా అని ఆయన ఎదురడిగారు. ఇది ఆలివ్ కాదు, ఎమరాల్డ్ గ్రీన్ అని తెలంగాణ రవాణా అధికారులు తేల్చి రిజిస్ట్రేషను ఇచ్చారు. 2023 జనవరి 24న ఆ వాహనానికి పూజ జరిగింది జగిత్యాల జిల్లా కొండగట్టు అంజన్న సన్నిధిలోనే. చిలకపచ్చ, ఆకుపచ్చ, నాచుపచ్చ, మరకతం అని పచ్చకు ఇన్ని పేర్లు పెట్టుకున్న భాషకు ఇంత సున్నితమైన వివాదం దొరకడం అదృష్టం. మరకతమని అర్థం చెప్పిన అధికారి పూర్వజన్మలో నిఘంటుకారుడై ఉండాలి.

శ్లేష. నంబరు ప్లేటు మీద 8055ను బాస్ అని చదివించేలా రాయడం శ్లేషాలంకారం. కవికి ఆనందం, కెమెరాకు కష్టం. 2024 మార్చి నుంచి కొత్త బండ్లకు టీఎస్ బదులు టీజీ వస్తోంది. ఉమ్మడి కరీంనగర్ నాటి ఏపీ 15 బండ్లు ఇంకా తిరుగుతున్నాయి. ఒకే ఊళ్లో మూడు పాఠాంతరాలు, మూడూ సాధువులే.

ఇక్కడ కాసేపు నవ్వు ఆపాలి. 2018 సెప్టెంబరు 11న కొండగట్టు ఘాట్ దిగుతూ జగిత్యాలకు వస్తున్న ఆర్టీసీ బస్సు లోయలో పడి అరవై మందికి పైగా చనిపోయారు. ఆ బస్సులో దాదాపు వందమంది ఎక్కి ఉన్నారు. ఆర్సీలో సీట్ల సంఖ్య కూడా ఒక వివరమే. పానా పట్టకుండా, వెల్డింగ్ లేకుండా, మనుషుల్ని కుక్కడంతోనే ఆ వివరం మారిపోతుంది. డ్రైవరుకు రెండు పక్కలా ఇద్దరిని కూర్చోబెట్టుకుని పన్నెండు మందితో పోయే ప్రతి ఆటో అదే పని చేస్తుంది. ఈ మార్పుకు చప్పుడు లేదు, రోడ్డు రోలర్ కింద పెట్టడానికి వస్తువూ లేదు.

విశేషాంశం. కొండగట్టు మెట్ల కింద కొత్త బండ్లు ఇప్పటికీ వరసగా నిలబడతాయి. పూజారి హెడ్‌లైటుకు, నంబరు ప్లేటుకు పసుపు కుంకుమ రాస్తాడు, చక్రాల కింద నిమ్మకాయలు పెడతాడు. ఆ క్షణానికి బండి అచ్చంగా తయారీదారు పంపినట్టే ఉంటుంది, ప్లేటు మీద నంబరు ఒక్కటే కుంకుమ కింద కనబడదు.

గద్య. ఇది జగిత్యాల వాస్తవ్యుడును, టీఎస్ 21తో మొదలగు నంబరు గల బండిపై తిరుగువాడును, కుడి వైపు అద్దము రెండేండ్ల క్రితమే లోపసంధి పాలుకాగా ఇంతదాకా మరల బిగించనివాడును అగు ఒక టీకాకారుని చేత రచింపబడిన 52వ సెక్షను వ్యాఖ్యయందు ప్రథమాశ్వాసము.