నేను తడి థర్మామీటర్ని

బందరులో ఆరుబయట, మనిషి ఛాతీ ఎత్తున, తెల్లరంగు వేసిన చెక్కపెట్టెలో ఉంటాను. పక్కనే మా అన్న, పొడి థర్మామీటర్. ఇద్దరిదీ ఒకటే గాజు, ఒకటే పాదరసం. నా బుడ్డికి మాత్రం పల్చటి మస్లిన్ గుడ్డ చుట్టి, వత్తి కొసను నీళ్ళ సీసాలో వదులుతారు. గుడ్డలోని నీరు ఆవిరవుతూ నా వేడిని లాగేస్తుంది. గాలి ఎంత పొడిగా ఉంటే నేనంత చల్లబడతాను. మా అంకెల తేడాను బట్టే గాలిలో తేమ లెక్క కడతారు. సముద్రపు ఉప్పు పట్టి గుడ్డ గరుకెక్కితే ఆ లెక్క తప్పుతుంది. అందుకే ఉదయం 8:30కి తలుపు తీసే ఆయన ముందు నా గుడ్డ వంక చూస్తాడు.

సంక్రాంతి రోజుల్లో పొగమంచు కమ్మిన తెల్లవారుజామున ఇద్దరం ఒక్కోసారి 18 డిగ్రీల దగ్గరే ఆగుతాం. తేమ నూటికి నూరు. అయినా ఘనపు మీటరు గాలిలో ఆవిరి 15 గ్రాములే. చల్లగాలి అంతకు మించి పట్టుకోలేదు. గాలి ఒక్క డిగ్రీ వేడెక్కితే దానిలో పట్టే ఆవిరి సుమారు 6-7 శాతం పెరుగుతుంది.

ఆ మాట అర్థమయ్యేది మే నెలలో. పడమటి గాలి ఆగి సముద్రపు గాలి తిరగగానే అన్న 34కి దిగుతాడు, నేను 29కి ఎక్కుతాను. తేమ నూరు శాతానికి చాలా దూరం, ఆవిరి మాత్రం 25 గ్రాములు! అనంతపురంలో అదే వేళ పొడి అంకె 41, తడి అంకె 22 ఉంటే అక్కడి ఆవిరి 10 గ్రాములకు కాస్త అటూ ఇటూ. అందుకే అక్కడ ఎయిర్ కూలర్ ప్రాణం లేచొచ్చేలా చేస్తుంది, బందరులో ఉక్కపోత పెంచుతుంది. జూన్‌లో నైరుతి గాలి తెచ్చిన నీరు చాలావరకు పడమటి కనుమల మీదే కురిసిపోతుంది. మిగిలిన తేమకే అనంతపురంలోనూ ఆ రెండంకెల ఎడం తగ్గుతుంది.

మీ ఒళ్ళూ నాలాంటిదే, చెమట ఆరితేనే చల్లబడుతుంది. నా అంకె 35 దాటిన చోట గంటల తరబడి ఉంటే, నీడలో ఊరికే కూర్చున్న ఆరోగ్యవంతుడి ప్రాణానికీ ముప్పే. ఎండలో పని చేసేవాళ్ళకు అంతకన్నా చాలా ముందే ప్రమాదం. 2015 మేలో వడగాడ్పులకు రెండు తెలుగు రాష్ట్రాల్లో వెయ్యికి పైగా జనం పోయారు. వేసవి వార్తల్లో అన్న అంకె ఒక్కటే విని కూలీలను పొలానికి పంపకండి. నా అంకె కూడా అడగండి.