చిన్న సంఘానికి వెబ్‌సైట్: తలకిందులుగా తోచే సలహాలు

ఈ సలహాలు వెబ్‌సైట్లు తయారుచేసే వాళ్లకు చూపిస్తే తప్పుల తడక అంటారు. అయినా చిక్కబళ్లాపురం, బాగేపల్లి, చింతామణి చుట్టుపక్కల నలభై యాభై కుటుంబాలతో నడిచే సంఘాలకు నేను ఇవే చెబుతాను. హైదరాబాద్ కల్వరి టెంపుల్‌కో, బెంగళూరులోని పెద్ద మందిరాలకో సరిపోయిన పద్ధతి మిట్టేమరిలోనో చేళూరులోనో రేకుల షెడ్డు కింద కూడుకునే వాళ్లకు సరిపోదు. అక్కడ కెమెరాలు పట్టుకోవడానికే జీతగాళ్లుంటారు. ఇక్కడ పాస్టరయ్యే తాళం తీస్తారు, ఆయనే మైకు సర్దుతారు, ఆయనే వాక్యం చెబుతారు.

మొదటి సలహా: వెబ్‌సైట్‌ను చివరికి నెట్టండి. ముందు గేటు దగ్గర బోర్డు చూసుకోండి. వాక్యం పెద్ద అక్షరాల్లో ఉంటుంది, శంకుస్థాపన చేసిన వాళ్ల పేర్లుంటాయి, ఆరాధన ఎన్ని గంటలకో మాత్రం ఉండదు. సంఘం పేరు, ఆదివారం ఆరాధన వేళ, శుక్రవారం ఉపవాస ప్రార్థన ఉంటే దాని వేళ, ఒక ఫోన్ నంబరు కన్నడంలోనూ తెలుగులోనూ రాయించండి. ఇది ఇంటర్నెట్ పనే. ఎందుకంటే గూగుల్ మ్యాప్‌లో సంఘాన్ని ఉచితంగా నమోదు చేసుకోవచ్చు గానీ, ఆ చోటు మీదేనని రుజువు చేయమన్నప్పుడు ఇప్పుడు ఎక్కువగా వీడియో అడుగుతున్నారు. వీధి కనిపించాలి, బోర్డు మీద పేరు చదివేలా కనిపించాలి, తలుపు తాళం మీరే తీస్తున్నట్టు కనిపించాలి. వీడియో ఒకే ఊపులో తీయాలి, మధ్యలో అతుకు పెట్టకూడదు. బోర్డు లేకపోతే ఈ పని అక్కడే ఆగిపోతుంది.

మ్యాప్‌లో గుర్తు మెయిన్ రోడ్డు మీద పెట్టకండి, గేటు మీద పెట్టండి. హిందూపురం నుంచో కదిరి నుంచో పెళ్లికి వచ్చే బంధువులు 44వ నంబరు హైవే దిగాక సందులు తెలియక తిరుగుతుంటారు. రాయచూరు నుంచి బదిలీ మీద వచ్చిన టీచరమ్మ, చింతామణిలో కొత్తగా డ్యూటీలో చేరిన నర్సు శనివారం రాత్రి ఫోన్‌లో వెతుకుతారు. మీ మందిరాన్ని నిజంగా వెతికేది వాళ్లే. వాళ్లకు కావలసింది చోటు, వేళ, భాష. ఆరాధన తెలుగులోనా, కన్నడంలోనా, రెండూ కలిపా అనేది ఒక్క మాటలో చెప్పండి.

ఊరి పేరు విషయంలో ఒకే స్పెల్లింగుకు కట్టుబడండి అని నిపుణులు చెబుతారు. మన దగ్గర ఆ మాట వినకండి. చిక్కబళ్లాపురాన్ని ఇంగ్లిష్‌లో తలా ఒక రకంగా రాస్తారు. పైగా 2025 జులైలో నంది బెట్ట మీద జరిగిన మంత్రివర్గ సమావేశం బాగేపల్లి పేరును భాగ్యనగరగా మార్చాలని నిర్ణయించింది. భాగ్యనగర్ అని వెతికితే హైదరాబాదే ఎదురొస్తుంది. అందుకని మీ పేజీలో పాత పేరు, కొత్త పేరు, తాలూకా, జిల్లా అన్నీ రాయండి. జిల్లా 2007లోనే కోలారు నుంచి విడిపోయినా పాత కాగితాల్లో ఇంకా కోలారు జిల్లా అనే ఉంటుంది. బెంగళూరుకు పనికి పోయి అక్కడే స్థిరపడిన పెద్దవాళ్లు ఆ పేరుతోనే వెతుకుతారు. దాన్నీ చేర్చండి.

ఇక లిపి. దీని మీద నాకు పట్టుదల ఎక్కువ. తెలుగు పాటలను కన్నడ లిపిలో పెట్టండి.

తెలుగు అభిమానులు దీనికి ఒప్పుకోరు. కానీ ఈ మూడు తాలూకాల్లో తెలుగు ఇంటి భాష, కన్నడం బడి భాష. అమ్మతో తెలుగులో పోట్లాడే పిల్ల తెలుగు అక్షరం చదవలేదు. కైవార తాతయ్య తెలుగు తత్వాలను కన్నడ అక్షరాల్లో చదువుకుని పాడుకునే ప్రాంతం ఇది. మందిరంలో కూడా అవ్వ ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు కంఠతా పాడుతుంది, పక్కనున్న మనవడు పెదవులు కదిపి ఊరుకుంటాడు. అదే పాట అతని ఫోన్‌లో కన్నడ అక్షరాల్లో కనిపిస్తే గొంతెత్తి పాడతాడు. ఎంత ఖరీదైన వెబ్‌సైట్ చేసినా ఇంతటి సేవ చేయలేదు. వచ్చే ఆదివారం పాడబోయే పాటలు, కింద అదే పాట తెలుగు లిపిలో, అంతే చాలు. పాత కీర్తనలు రాసిన పురుషోత్తమ చౌదరి గారు 1890లో కాలం చేశారు. రచయిత మరణించిన 60 ఏళ్లకు రచన హక్కులు తీరిపోతాయి కాబట్టి ఆయన కీర్తనలకు ఎవరి అనుమతీ అక్కర్లేదు. ఈమధ్య వచ్చిన పాటలకు రాసినవాళ్లను అడగాలి. క్యాసెట్లో, సీడీలో ఉన్న రికార్డింగుకు హక్కు వేరే ఉంటుంది. పాట పాతదే కదా అని దాన్ని ఎక్కించకండి.

ఒక చిక్కు ఇక్కడే చెప్పాలి. ప్రెస్సులో పండుగ కరపత్రం కొట్టించినప్పుడు తెలుగును అను ఫాంటుతో, కన్నడాన్ని నుడి ఫాంటుతో కొట్టడం చాలాచోట్ల అలవాటు. ఆ ఫైలు తెచ్చి వెబ్‌పేజీలో అతికిస్తే అర్థంలేని ఇంగ్లిష్ అక్షరాలు, గుర్తులు వస్తాయి. అది చూసి మన కుర్రాళ్లు ఆ కరపత్రాన్నే ఫొటో తీసి పెట్టేస్తారు. ఫొటోలోని అక్షరాలు వెతికేవాళ్లకు సరిగా దొరకవు, చూపు లేనివాళ్లకు ఫోన్ చదివి వినిపించలేదు. సెల్‌ఫోన్ కీబోర్డుతో మళ్లీ టైపు చేయండి. అది యూనికోడ్, ఎక్కడ అతికించినా నిలుస్తుంది. ఓపిక లేనివాళ్లు మైకు గుర్తు నొక్కి చదివితే ఫోనే టైపు చేస్తుంది, తర్వాత తప్పులు దిద్దుకోవచ్చు.

లైవ్ పెట్టకండి. కరోనా ఏడాదిలో, 2020లో, మందిరాలు మూతపడినప్పుడు లైవ్ మేలు చేసింది. తలుపులు తెరిచాక ఆ అవసరం తీరింది. ఫోన్ నుంచి యూట్యూబ్ లైవ్ ఇవ్వాలంటే కనీసం 50 మంది సబ్‌స్క్రైబర్లు ఉండాలి కనుక, చిన్న సంఘాలు ముందు ఆ 50 కోసం ఊరూరా అడుక్కుంటాయి. తర్వాత ట్రైపాడ్, తర్వాత మిక్సర్, తర్వాత అప్పు. వాక్యాన్ని ఆడియోగా రికార్డు చేసి వాట్సాప్‌లో పంపండి. 64 కేబీపీఎస్‌లో గంట ప్రసంగం 30 ఎంబీలోపే ఉంటుంది. మంచం పట్టిన ముసలమ్మకు, బెంగళూరులో ఆదివారం కూడా షిఫ్టు ఉన్న అబ్బాయికి అది చేరుతుంది. కెమెరా లేకపోతే ప్రార్థనలో ఏడ్చే మనిషి నిశ్చింతగా ఏడవగలదు.

దీన్నిబట్టే తర్వాతి సలహా. ఖాళీ మందిరం ఫొటోలు పెట్టండి. జనం ఉన్న ఫొటోలు వద్దు. బాప్తిస్మం ఫొటోలు, సాక్ష్యాల వీడియోలు అసలే వద్దు. జనం కనపడకపోతే సైటు చచ్చినట్టుంటుంది అంటారు డిజైనర్లు. ఉండనివ్వండి. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం షెడ్యూల్డ్ కుల హోదా హిందువులకు, ఆ తర్వాత చేర్చిన సిక్కులకు, బౌద్ధులకు మాత్రమే వర్తిస్తుంది, క్రైస్తవులకు వర్తించదు. వెనక బెంచీలో కూర్చుని ప్రార్థన విని వెళ్లే వాళ్లందరూ మతం మారినవాళ్లు కారు. కానీ ఒక్క ఫొటో పట్టుకుని పంచాయతీ ఎన్నికల్లోనో, ఉద్యోగం దగ్గరో తగాదా పెట్టేవాళ్లుంటారు. ఎవరి విశ్వాసం సంగతి వాళ్లే చెప్పుకోవాలి, సంఘం వాళ్ల తరఫున లోకానికి చాటకూడదు. కర్ణాటకలో 2022లో వచ్చిన మతమార్పిడి చట్టం బహుమతి, ఉద్యోగం, ఉచిత చదువు, మెరుగైన జీవితం వంటి ఆశ చూపడాన్ని ప్రలోభం కింద చేర్చింది. 2023లో మంత్రివర్గం దాన్ని రద్దు చేయాలని నిర్ణయించింది. చట్టాలు వస్తాయి, పోతాయి, ఎక్కించిన వీడియో మాత్రం ఎవరి ఫోన్‌లోనో మిగిలే ఉంటుంది. సాయంత్రం ట్యూషన్, కుట్టుమిషన్ తరగతులు నడుపుతుంటే వాటిని ప్రార్థన ఆహ్వానంతో ఒకే పేజీలో కలపకండి.

పిల్లల విషయంలో ఇంకా గట్టిగా ఉండాలి. 18 ఏళ్లలోపు వాళ్ల సమాచారానికి తల్లిదండ్రుల అనుమతి కావాలని 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం చెబుతోంది. సండే స్కూల్ పిల్లల పేర్లు, ముఖాలు, బడి పేరు కలిపి పెట్టడం మానేయండి. ఇళ్లలో జరిగే కూడికల చిరునామాలు కూడా బయట పెట్టవద్దు. 2021 డిసెంబరు 23న మన జిల్లాలోనే సూసైపాళ్యలో సెయింట్ జోసఫ్ చర్చిలోని సెయింట్ ఆంటోనీ విగ్రహాన్ని పగలగొట్టారు. అది అందరికీ తెలిసిన పాత చర్చి. ఒక వితంతువు ఇంటి వసారాకు ఎవరు కాపలా ఉంటారు? ఇంటి కూడిక కావాలని అడిగినవాళ్లకు ఫోన్‌లో చెప్పండి.

కానుకల కోసం పేజీ మీద క్యూఆర్ కోడ్ పెట్టకండి. డబ్బు రాబట్టడానికే కదా వెబ్‌సైట్ అని కొందరు పెద్దలు అడుగుతారు. పాస్టర్ గారి సొంత ఖాతా కోడ్ పెడితే లెక్కలు కలిసిపోతాయి, మంచి మనిషి మీద మచ్చ పడుతుంది. పైగా విదేశీ విరాళాల చట్టం 2010 కింద రిజిస్ట్రేషన్ గానీ ముందస్తు అనుమతి గానీ లేకుండా విదేశీ సొమ్ము తీసుకోవడం నేరం. రిజిస్ట్రేషన్ ఉన్నా 2020 సవరణ తర్వాత ఆ సొమ్ము ఢిల్లీలోని స్టేట్ బ్యాంక్ మెయిన్ బ్రాంచి ఖాతాకే రావాలి. దుబాయ్‌లో పనిచేస్తూ ఇండియన్ పాస్‌పోర్టు ఉన్న మన పిల్లవాడు తన జీతంలోంచి బ్యాంకు ద్వారా పంపేది విదేశీ విరాళం కాదు. డల్లాస్‌లో పౌరసత్వం తీసుకున్న మేనమామ పంపేది అవుతుంది. ఈ తేడా క్యూఆర్ కోడ్‌కు తెలియదు. కానుక సంచి పట్టుకునే కోశాధికారికి తెలిసేలా చేయవచ్చు.

వెబ్‌సైట్ పేరు, అంటే డొమైన్, కొంటే సంఘం పేరిట ఉన్న ఈమెయిలుతోనే కొనండి. తయారుచేసిన అబ్బాయి సొంత ఈమెయిలుతో కొంటే, అతను పుణెకు ఉద్యోగానికి వెళ్లాక రెన్యువల్ నోటీసు అతనికే పోతుంది. గడువు దాటిన పేర్లు కొని జూదం సైట్లు పెట్టేవాళ్లున్నారు. ఏటా కట్టే స్తోమత లేకపోతే గూగుల్ సైట్స్‌లో ఉచిత పేజీ ఒక్కటి చాలు.

ఆ ఒక్క పేజీలో దర్శనం, ధ్యేయం, లక్ష్యం అనే మూడు పేరాలు తీసేయండి. వాటి బదులు పెళ్లికి ఏ కాగితాలు తేవాలి, ఎన్నాళ్ల ముందు నోటీసు ఇవ్వాలి, బాప్తిస్మం సర్టిఫికెట్ నకలు ఎవరిని అడగాలి, సమాధి తోట తాళం ఎవరి దగ్గర ఉంటుంది అనేవి రాయండి. మనుషులు ఫోన్ చేసి అడిగేది ఇవే. మీ మందిరం పాతదైతే దాని కథ కొంత చేర్చండి. లండన్ మిషనరీ సొసైటీ వాళ్లు చిక్కబళ్లాపురంలో పెట్టిన ఆసుపత్రి ఇవాళ సీఎస్ఐ ఆసుపత్రి. దక్షిణ ఇండియా సంఘం 1947 సెప్టెంబరు 27న ఏర్పడింది. ఆ కాలపు మాటలు ఇంట్లో విన్న పెద్దవాళ్లు మీ సంఘంలో ఇంకా ఉన్నారు. వాళ్ల చేత చెప్పించి రికార్డు చేసుకోండి.

ఈ పనులన్నీ ఒక్కరి మీద వేయకండి. వచ్చే ఆదివారం ఆరాధన అయ్యాక కాలేజీకి వెళ్లే ఒక అమ్మాయిని, సంఘ పెద్దల్లో ఒకరిని కూర్చోబెట్టి పాస్‌వర్డ్ ఇద్దరికీ ఇవ్వండి. మొదటి నెల బోర్డు, మ్యాప్ గుర్తు పూర్తిచేయమనండి. ప్రతి పండుగకు ముందు వేళలు సరిచూడమనండి. క్రిస్మస్ రాత్రి ఆరాధన వేళ తప్పుగా ఉంటే, పిల్లల్ని ఎత్తుకుని వచ్చిన కుటుంబం తాళం వేసిన గేటు ముందు చలిలో నిలబడాల్సి వస్తుంది. ముందు ఆ వేళ సరిచేయండి.