సైడ్ ఎఫెక్ట్ మామ

ఇంకొకరి మాత్రల అట్ట కనబడితే చాలు, కళ్లజోడు లేకపోయినా చదివేసే మనిషి ఊరికొకడు ఉంటాడు. మదురై నుంచి దిండిగల్ పోయే దారిలో మా వాడిపట్టికీ ఒకాయన ఉన్నాడు. ఊరంతటికీ ఆయన మామే. నోట్లో ఆకు, భుజాన తువ్వాలు, నాలుక చివర సైడ్ ఎఫెక్టు.

రోగం మీద మామకు ఆసక్తి లేదు. నెలల తరబడి నిద్రపట్టక, కూడు సయించక, కొబ్బరితోట ముఖం చూడకుండా నేను గోడవైపు తిరిగి పడుకున్నన్నాళ్లూ ఆయన మా గడప తొక్కలేదు. "కడుపు నిండితే అట్లే ఉంటది" అని టీకొట్టు దగ్గర తీర్పు చెప్పి ఊరుకున్నాడు. మదురైలో డాక్టరు డిప్రెషన్ అని చెప్పి సెర్ట్రాలిన్ రాసిచ్చాడని తెలిసిన మర్నాడు మాత్రం తెల్లవారేసరికి మా అరుగు మీదున్నాడు.

"అల్లుడా, మెదడుకు పోయే మాత్రంట గదా! నిండా డేంజరు. కడుపు తిప్పుతది. నోరెండిపోతది. నిద్ర పోతది, లేకుంటే నిద్రే నిద్ర. ఒళ్లొస్తది. ఇంకా..." అని, మా అత్త లోపలే ఉందని రూఢి చేసుకుని గొంతు తగ్గించాడు. "సంసారానికి పనికిరావు."

దానికి బదులు మనసు బాగోలేనివాళ్లు పోయే గుణశీలం గుడికి పోయి 48 దినాలు ఉండమన్నాడు. స్వామి దగ్గర సైడ్ ఎఫెక్టు లేదట. సొంత మోకాళ్లు నొప్పి పెడితే మామ ఏ గుడికీ పోడు. చీటీ లేకుండా మెడికల్ షాపులో నొప్పిమాత్ర కొని మింగుతాడు. అది కడుపులో మంట పెడితే ఆ మంటకు ఇంకో మాత్ర. బీపీ మాత్రకు కాళ్లు వాచాయి, అది "వయసు". తాను నమిలే షోళవందాన్ తమలపాకుకు 2023లో భౌగోళిక గుర్తింపు వస్తే తనకే బిరుదు ఇచ్చినట్టు తిరిగాడు. ఆ ఆకులో ఆయన చుట్టుకునే పొగాకుకు కూడా సైడ్ ఎఫెక్టు ఉందని చెబుదామంటే, వినడానికి ముందు ఆకు ఉమ్మాలి కదా, అంత తీరిక ఆయనకు లేదు.

అయినా మామ జాబితాలో అబద్ధం లేదు. ఈ రకం మాత్రల్లో గుణం కనబడటానికి వారాలు పడుతుంది, అవగుణం మొదటి రోజుల్లోనే దిగుతుంది. మామకు పంట చేతికొచ్చే కాలం అదే. ఇడ్లీ వాసనకే నాకు కడుపు తిప్పింది. "తలకాయ రోగానికి మందిస్తే కడుపేల తిప్పాల?" అని మామ టీకొట్టులో సభ పెట్టాడు. ప్రశ్న మంచిదే. ఈ మాత్ర పనిచేసేది సెరటోనిన్ మీద. ఒంట్లో ఉన్న సెరటోనిన్‌లో నూటికి 90 వంతుల దాకా పేగుల్లోనే ఉంటుంది. మెదడుకు కబురంపితే పేగులకు వినబడకుండా ఉంటుందా? కొన్నాళ్లకు వికారం సర్దుకుంది. గొంతు తగ్గించి చెప్పిన ఆ చివరి సంగతీ నిజమే. మామ ముందే అని ఉండకపోతే సిగ్గుపడి డాక్టరుకు చెప్పేవాణ్ని కాదు. చెబితే ఆయన నవ్వకుండా మోతాదు మార్చాడు, అదీ కుదరకపోతే వేరే మందుందన్నాడు.

మామకు ఒక కథ చెప్పాను. 1952లో న్యూయార్క్‌లోని సీ వ్యూ ఆసుపత్రిలో క్షయరోగులకు ఇప్రోనియాజిడ్ అనే కొత్త మందిచ్చారు. మంచం పట్టినవాళ్లు లేచి ఉత్సాహంగా తిరగసాగారు. అది క్షయకు ఇచ్చిన మందే, ఉత్సాహం మాత్రం ఎవరూ అడగని సైడ్ ఎఫెక్టు. డిప్రెషన్‌కు వాడిన తొలి మందుల్లో అదొకటైంది. తర్వాత కాలేయం చెడుతోందని దాన్ని వాడుకలోంచి తీసేశారు. మామ చివరి ముక్క ఒక్కటే పట్టుకున్నాడు. "చూస్తివా, కాలేయం!"

ఇంతవరకు నవ్వుకోవచ్చు. ఇదే రకం మాత్ర వేసుకునే మా ఎదురువీధి కుర్రాడొకడు ఒళ్లు తేలికపడిందని, మామ కూడా సరే అన్నాడని, ఉన్నట్టుండి మాత్ర ఆపేశాడు. తల తిరుగుడు, తలలో కరెంటు కొట్టినట్టు చురుకులు, చీటికిమాటికి చిరాకు. ఈ మందులు సాధారణంగా డాక్టరు చెప్పిన లెక్కలో మెల్లగా తగ్గించుకుంటూ మానేయాలి. ఆ ముక్క మాత్రల డబ్బాలోని కాగితంలోనే ఉంటుంది, మామ అంతదాకా ఎప్పుడూ చదవడు. పైగా ఆ చురుకులను కూడా మాత్ర ఖాతాలోనే రాసి, మర్నాటినుంచి తన జాబితాకు కలుపుకున్నాడు.

మీ ఊళ్లోనూ ఇలాంటి మామ ఉంటాడు. కోప్పడకండి. ఆయన చెప్పేదంతా కాగితం మీద రాసుకుని డాక్టరు ముందు పెట్టండి, పనికొస్తుంది. మాత్ర ఆపాలా వద్దా అన్నది మాత్రం ఆయన్ను అడగకండి. అర్ధరాత్రి మనసు బాగోలేక ఎవరితోనైనా మాట్లాడాలనిపిస్తే ప్రభుత్వం నడిపే టెలి మానస్‌కు 14416 నంబరులో ఫోన్ చేయండి. పైసా ఖర్చు లేదు, తెలుగులోనూ మాట్లాడవచ్చు.