ఈకల రొయ్యల తాతగారు

రొయ్యకు కరువున్న ఊరు కాదు విశాఖపట్నం. దేశం నుంచి ఓడలెక్కే సముద్రపు సరుకులో విలువ లెక్కన ముందు వరసలో నిలిచే రేవు ఇదే. అందులో పెద్ద వాటా రొయ్యది. తెల్లారకముందు ఫిషింగ్ హార్బర్‌కి వెళ్తే తట్టల్లో రొయ్య, ఐసు కింద రొయ్య, ఆటో వెనక రొయ్య, చెప్పుల కింద రొయ్య. అలాంటి ఊళ్లో ఒక పెద్దాయన పొద్దున్నే కాఫీ తాగి, కళ్లజోడు మీద ఇంకో భూతద్దం బిగించుకుని, కోడి ఈకతోనూ పాలప్యాకెట్ ముక్కతోనూ ఒక రొయ్యను తయారుచేయడానికి కూర్చుంటారు. భోజనాల వేళకు ఒకటి తేలుతుంది. కాళ్లు కుదరలేదని దాన్ని బ్లేడుతో గీకేస్తారు. సాయంత్రం ఇంకోటి మొదలు.

రిటైరైనవాళ్లు ఈగలు తోలుకుంటారని లోకం అనుకుంటుంది. ఈయన ఈగలు కట్టుకుంటారు. గేలానికి ఈకలూ దారాలూ చుట్టి, చేప కంటికి అది పురుగో రొయ్యో అనిపించేలా చేసే విద్య ఇది. ఈ విద్య పట్టినవాళ్లు కూర్మన్నపాలెం, గాజువాక వైపు అక్కడొకరు ఇక్కడొకరు తగులుతారు. ఎక్కువమంది ఉండరు గానీ, కాలనీకి ఒక్కరుంటే చాలు, కాలక్షేపానికి లోటుండదు. గుర్తుపట్టడం తేలిక. చొక్కా జేబులో పెన్ను ఉండాల్సిన చోట కత్తెర ఉంటుంది. కోడి కనబడితే మిగతావాళ్లు తొడ చూస్తారు, వీళ్లు మెడ చూస్తారు. పెళ్లిలో ఆడవాళ్ల పట్టుచీరల కొంగులకేసి తదేకంగా చూసి చీవాట్లు తింటారు. పాపం, చూసేది జరీనే.

ఈ తాతగారిది ఉక్కు ఫ్యాక్టరీలో వైర్ రాడ్ మిల్లు. ఏడాదికి 73 లక్షల టన్నుల సామర్థ్యమున్న ప్లాంటులో ఎర్రగా కాలిన కడ్డీ పరుగును కాపలా కాస్తూ సర్వీసంతా గడిపిన మనిషి. ఇప్పుడాయన బెంగంతా గ్రాము తూగని ఒక గేలం మీద. “ఇదీ వైర్ రాడ్ వంశమేనయ్యా, తీగ లేందే గేలమెక్కడిది?” అంటారు. కట్టిన వాటికి పేర్లు కూడా ప్లాంటులోని బ్లాస్ట్ ఫర్నేసులవే పెట్టుకున్నారు. గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ. మొదటి రెండింటి సంగతి ఎలా ఉన్నా, ఆ అన్నపూర్ణ వల్ల ఇంతవరకు ఆ ఇంట్లో ఎవరి కంచంలోనూ ఒక ముక్క పడలేదు.

పడే వీలు కూడా లేదు. వాళ్లది నీసు గుమ్మం తొక్కని ఇల్లు. “ముట్టేది లేదు, వండేది లేదు, బొమ్మలు మాత్రం ఇంటినిండా!” అని మామ్మగారు కాలనీ మొత్తానికి చెప్పుకున్నారు. తాతగారికి చేప కూరతో పనిలేదు. ఆయనకు కావలసింది చేప సంతకం ఒక్కటే. నువ్వు చేసింది రొయ్యే అని ఒక చేప నోటితో ఒప్పుకుంటే, గేలం తీసి దాన్ని నీళ్లలోకి వదిలేస్తారు. అందుకే గేలం కొసన ఉండే ముల్లును కూడా ముందే పట్టకారుతో నొక్కేస్తారు.

రూపం చూసుకోవడానికి హార్బర్‌కి వెళ్తుంటారు. ఒకసారి వెంట వెళ్లాను. తట్ట ముందు గొంతుక్కూర్చుని ఒక్కొక్క రొయ్యనే తీసి, వెలుగుకు పెట్టి, తోక విప్పి, మీసం కొలిచి పక్కన పెడుతున్నారు.

“కేజీయా, రెండు కేజీలా బాబూ?” అంది తట్ట ఆవిడ.

“కేజీ వద్దమ్మా, ఒక్కటి చాలు. కాళ్లన్నీ ఉన్నది చూసి ఇవ్వు.”

“ఒక్క రొయ్యేటి! ఏటి సేసుకుంతావు?”

“చూసుకుంటాను.”

ఆవిడ పక్క తట్టకేసి తిరిగి, “ఓలప్పా, ఈ బాబు రొయ్యకి పెళ్లిసూపులకొచ్చినాడే” అంది. వరస వరసంతా నవ్వింది. డబ్బులు పుచ్చుకోలేదు సరికదా, కట్నమని ఇంకో రొయ్య చేతిలో పెట్టింది.

ఆ రొయ్యలు ఫ్రిజ్ ఎక్కడానికి వీల్లేదు కాబట్టి ఐసుముక్కలేసిన హార్లిక్స్ సీసాలో మేడమెట్ల మీద కాపురం పెట్టాయి. పిల్లి కంటపడేదాకా బొమ్మలు గీసుకున్నారు. మొదట్లో ఆయన రొయ్యలన్నీ నారింజ రంగులో ఉండేవి. అంతకుముందు ఆయన రొయ్యను చూసింది హోటలు బోర్డుల మీద మాత్రమే మరి. రొయ్య పెంకులో ఎర్రటి రంగు ఎప్పుడూ ఉంటుంది, దాని పేరు అస్టాజాంథిన్. బతికున్నప్పుడు ఒక ప్రొటీను దాన్ని పట్టి దాచి ఉంచుతుంది. వేడికి ఆ పట్టు వదిలి రంగు బయటపడుతుంది. అంటే ఇన్నాళ్లూ ఈయన సముద్రంలో చేపలకు ఉడికించిన రొయ్యలు వడ్డించారన్నమాట. ఆ సంగతి తెలిశాక నారింజ రొయ్యల పెట్టె మొత్తం అవతల పడేసి, బూడిద రంగులోకి దిగారు. దూరదేశాల్లో నారింజ రొయ్యలకూ చేపలు బాగానే పడతాయని తర్వాత తెలిసి, పారేసినందుకు ఇంకో వారం బాధపడ్డారు.

రొయ్యకు లేవా బారెడు మీసాలు అని ఎవరైనా సామెత వాడితే వినేవాళ్లు నవ్వుతారు. ఈయన ఆపి, “బారెడు కాదు, ఒంటి పొడవును మించుతాయి, అది కూడా జాతిని బట్టి” అని సవరిస్తారు. ఆ మీసాల కోసం వాడేది పెయింటరు వదిలేసి వెళ్లిన బ్రష్‌లోని వెంట్రుకలు. అవి పందివని మామ్మగారికి ఇంకా తెలియదు. ఈ వ్యాసం ఆవిడ చదవరనే ధైర్యంతో రాస్తున్నాను.

కట్టే తంతు దగ్గర కూర్చుని చూడాలి. రొయ్యకు భయమేస్తే తోకను కడుపు కిందికి ఠక్కున ముడిచి వెనక్కి దూకుతుంది. చేపకు తెలిసిన రొయ్య పరుగు అదే. కాబట్టి దారం దూర్చే కన్నం దగ్గర తోక, గేలం వంపు దగ్గర తల రావాలి. నైలాన్ తీగ ముక్క కొసను మంటకు చూపిస్తే కరిగి నల్లటి పూసంత గుండు కడుతుంది, అది కన్ను. మొదట్లో ఈ పనికి పూజగదిలో దీపం వాడేవారు. అక్కణ్నుంచి బహిష్కరించాక లైటరు కొనుక్కున్నారు. కళ్లు కట్టాక కోడి మెడ ఈకను గేలం చుట్టూ తిప్పుతారు. పోగులు విచ్చుకుని కాళ్లవుతాయి. వీపు మీద పోగుల్ని కత్తిరించి, పాలప్యాకెట్ పట్టీని పెంకుగా పరిచి, కాలిపోయిన మిక్సీ మోటారు నుంచి తీసిన రాగి తీగతో దాన్ని బిగిస్తారు. రొయ్య పొట్టకు కణుపులు ఆరు. తీగ ఏడో చుట్టు పడితే మొత్తం విప్పేస్తారు.

“చేప లెక్కపెడుతుందా తాతగారూ?” అన్నాను.

“నేను లెక్కపెడతానుగా” అన్నారు.

చివరికి ముడి మీద మనవరాలి నెయిల్ పాలిష్ ఒక చుక్క. ఆ పిల్ల సెలవులకు వచ్చి వెళ్లినప్పుడల్లా ఒక సీసా తక్కువ అవుతుంటుంది.

సరుకు సేకరణ ఇంకో పురాణం. సంక్రాంతికి భీమవరం వైపు జనమంతా కోడిపందేల్లో ఓడిన కోడి మాంసం, అంటే కోస కోసం ఎదురుచూస్తే, ఈయన ఈకల కోసం చూస్తారు. పందేలను చట్టం ఒప్పుకోదు, తాతగారు కూడా ఒప్పుకోరు. ఓడిన కోడి ఈకలు చెత్తలో పోవడాన్ని మాత్రం అంతకన్నా ఒప్పుకోరు. ప్లాంటులో కలిసి పనిచేసిన ఒకాయన పండగ వెళ్లిన వారానికి సంచీ పంపిస్తారు. డేగ, కాకి, సేతువ, పర్ల అని కుక్కుటశాస్త్రం పేర్లు చీటీల మీద రాసి అగ్గిపెట్టెలకు అతికించి పెట్టుకున్నారు. ఆ పేర్లు చూసి పందెగాళ్లు ఏ కోడి గెలుస్తుందో చెప్తారు. ఈయన ఏ మబ్బుకు ఏ ఈక తియ్యాలో చెప్తారు. రెండు శాస్త్రాల ఫలితాలూ ఇంచుమించు ఒకటే. అడవికోడి మెడలో మైనపు చుక్కల్లాంటి ఈకలకు దొరలు ఒకప్పుడు ప్రాణం పెట్టేవారు. 1972 వన్యప్రాణి చట్టం గుర్తుచేసుకుని తాతగారు వాటిని తలుచుకోవడం కూడా మానేశారు.

ఉన్ని దగ్గర మాత్రం దెబ్బతిన్నారు. ఇంగ్లండులో ఏవన్ నది ఒడ్డున ఫ్రాంక్ సాయర్ అనే ఏటి కాపరి ఉండేవాడు. మంచినీటి రొయ్యను పోలిన ఈగను రెండే రెండు సరుకులతో కట్టాడు, రాగి తీగ, ఉన్ని. ఏ ఉన్ని అయినా కాదు. చాడ్విక్స్ కంపెనీ 477 నంబరు రంగు. రఫ్ఫు చేసుకునే మామూలు దారం. దాని తయారీ ఆగిపోయాక వెర్రివాళ్లు ఒక్కో అట్టకు బంగారం ధర పెట్టి కొన్నారు. అలాంటి రంగు ఏదైనా దొరుకుతుందేమోనని తాతగారు మే నెల ఎండలో పూర్ణా మార్కెట్‌కి వెళ్లి ఉన్ని అడిగారు. కొట్టాయన ముందు కుర్చీ వేసి, మంచినీళ్లిచ్చి, “ఇంట్లో ఎవరికైనా ఫోన్ చేయమంటారా?” అని అడిగాడట.

ఇదంతా దొరల పిచ్చి అని ఎవరైనా అన్నారో, అయిపోయారు. 1800 ఏళ్ల కిందట ఈలియన్ అనే రోమన్ రచయిత, మాసిడోనియా వాళ్లు గేలానికి ఎర్ర ఉన్ని చుట్టి రెండు కోడీకలు తగిలించి చేపలు పట్టడం గురించి రాశాడు. అక్కణ్నుంచి తాతగారు 1653లో చేపల వేట మీద పుస్తకం రాసిన ఐజాక్ వాల్టన్ మీదుగా, 1873లో మన మద్రాసు సివిల్ సర్వీసు ఆఫీసరు హెన్రీ సల్లివన్ థామస్ రాసిన ‘ది రాడ్ ఇన్ ఇండియా’ మీదుగా, బహామాస్‌లో బోన్‌ఫిష్ కోసం పుట్టిన ‘క్రేజీ చార్లీ’ అనే ఈగ దాకా వస్తారు. మామ్మగారికి ఈ చరిత్రలో గుర్తున్నది ఆ చివరి పేరులో మొదటి సగమే. దాన్ని ఇంట్లో విరివిగా వాడుతున్నారు.

రొయ్యతో ఆగితే బాగుండేది. పురుగుల మీద పడ్డారు. తూనీగ పుట్టేది నీళ్లలో. నెలల తరబడి నీటి అడుగునే బతుకుతుంది. కింది పెదవిని చెయ్యి చాచినట్టు విసిరి వేటను పట్టుకుంటుంది. ప్రమాదమొస్తే వెనక నుంచి నీళ్లు చిమ్మి ముందుకు దూకుతుంది. “నేవీ ఉన్న ఊళ్లో ఈ సంగతి ఒక్కడికీ పట్టదు” అని తాతగారి ఆవేదన. వాటి నడక చూడటానికి గాజు తొట్టెలో నాలుగింటిని పెంచారు. వాటి మేతకు ఇంకో బకెట్లో దోమపిల్లల్ని పెంచారు. నీళ్లు నిల్వ లేకుండా చూసే శుక్రవారం డ్రైడేకి కార్పొరేషన్ మలేరియా స్టాఫ్ వచ్చారు.

“సార్, బకెట్లో లార్వా ఉంది.”

“ఉండాలమ్మా. పొద్దున లెక్కపెట్టే వేశాను.”

వచ్చినమ్మాయి సర్వీసులో ఇలాంటి జవాబు విని ఉండదు. తూనీగ పిల్ల దోమపిల్లల్ని తింటుంది కాబట్టి తాను కూడా మలేరియా నివారణలోనే ఉన్నానని ఆయన వాదించారు. ఆ మాట నిజమే గానీ, దోమల్ని తెచ్చి పెంచి మరీ తినిపించడం ఏ పథకం కిందకీ రాదు. మామ్మగారు ప్రభుత్వ పక్షాన నిలబడి, మిగతా బకెట్లు మేడమీద ఏ మూల దాచారో దగ్గరుండి చూపించారు.

అబ్బాయి సియాటిల్‌లో ఉంటాడు. “ఇక్కడ షాపులో దొరుకుతాయి నాన్నా, ఎందుకంత కష్టం” అన్నాడొకసారి. తాతగారు రెండు రోజులు ఫోన్ ఎత్తలేదు. మూడో రోజు అరడజను రొయ్యలు కట్టి కొరియరు కొట్టుకి వెళ్లారు. అమెరికాకి ఆవకాయలు కట్టీ కట్టీ చెయ్యి తిరిగిన కుర్రాడు, “లోపలేంటండీ?” అన్నాడు. “రొయ్యలు.” “పచ్చివా, ఎండువా?” “ఈకలవి.” 2025లో అమెరికా సుంకాలు పెంచి రొయ్య రైతులు గగ్గోలు పెడుతున్న రోజులవి. ఆ కుర్రాడు కంప్యూటర్లో ఏ గడిలో కొట్టాలో తెలియక, చివరికి ‘పూజా సామగ్రి’ అని కొట్టాడు.

ఇంత చేసి నీళ్లలో వేయడమెప్పుడంటారా? ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మరబోట్లకు వేట నిషేధం. బోటు లేకపోయినా తాతగారు దాన్ని తనకూ వర్తింపజేసుకుంటారు. మిగతా రోజుల్లో చిక్కు వేరే. ఈగకు బరువుండదు కాబట్టి దాన్ని విసరలేం, లావుపాటి తాడును గాల్లో ముందుకీ వెనక్కీ ఆడిస్తే అది ఈగను మోసుకెళ్లాలి. ముందు సముద్రముంది సరే, వెనక నలభై అడుగులు ఖాళీ కావాలి. ఆర్కే బీచ్‌లో ఆ ఖాళీ దొరకదు. మొదటి రోజే అన్నపూర్ణ వెళ్లి ఒక వాకర్ టోపీ ఎత్తుకొచ్చింది, రెండోసారి మురీ మిక్చర్ పొట్లం. కానిస్టేబులు వచ్చి, “ఆ కొరడా ఏంటి సార్?” అని మర్యాదగానే అడిగాడు.

అందుకని భీమిలి వెళ్తారు, గోస్తనీ సముద్రంలో కలిసే చోటుకి. పండుగప్పలు రొయ్యల కోసం ఏటి మొగలోకి వస్తాయి. ఒడ్డున వల బాగుచేసుకుంటూ ఒక జాలరి తాత ఉంటాడు. ఇద్దరిదీ ఒకే వయసు. మొదటి రోజు గేలం చేతిలోకి తీసుకుని తిప్పి చూసి, “బాగుంది బాబూ. మరి ముల్లేది?” అన్నాడు.

“నొక్కేశాను.”

“సేప ఎలిపోద్ది గదేటి?”

“పోనీ.”

ఆ తర్వాత చాలాసేపు అతను మాట్లాడలేదు. ఆ సాయంత్రమే ఒక పండుగప్ప అన్నపూర్ణను పట్టింది. తాతగారు వణికే చేతులతో దాన్ని తీసి, మురిపెంగా చూసి, నీళ్లలో వదిలేశారు. జాలరి తాత వల పక్కన పెట్టి లేచి నిలబడ్డాడు. “బాబూ, ఆ సేప హార్బర్‌లో ఎంత పలుకుద్దో తెలుసునా?” అన్నాడు. తెలియదు. చెప్పాక తాతగారు కూడా కాసేపు కూర్చుండిపోయారు.

ఆ సంతోషంలో ఇంకో అన్నపూర్ణను అతనికి బహుమతిగా ఇచ్చేశారు. ఆరు కణుపులది, ఏ వంకా లేనిది. పక్క వారం వెళ్లగానే అడిగారు.

“పనిచేసిందా?”

“సేసింది బాబూ, శానా బాగా సేసింది. మూడు పడ్డాయి.”

తాతగారి ముఖం చేటంతయింది. “చూశావా? ఎలా విసిరావు?”

“ఇసరలేదు బాబూ. దాని మీద సిన్న పచ్చి రొయ్య ముక్క గుచ్చి దించినాను.”

తాతగారు కళ్లజోడు తీసి తుడుచుకుని పెట్టుకున్నారు. “సరే. ఆ ముక్క తల వైపు గుచ్చావా, తోక వైపు గుచ్చావా?”