గడ్డపోతారం వారి రోము యాత్రా ప్రబంధం

అవతారిక

ప్రబంధమన్నాక పద్దెనిమిది వర్ణనలు ఉండాలని లాక్షణికులు శాసించారు. నగరం, సముద్రం, శైలం, రుతువులు, సూర్యచంద్రోదయాలు మొదలుకొని నాయకాభ్యుదయం దాకా ఏదీ వదలరాదు. అయితే మన కథానాయకుడికి కంపెనీలో వారానికి ఒక్కటే ఆఫ్. మర్నాడు పొద్దున్నే షిఫ్టు. చంద్రోదయ వర్ణనకు కూర్చుంటే ఆఖరి ఆటో తప్పిపోతుంది. అందుచేత దొరికినన్ని వర్ణనలతోనే కావ్యం కట్టేస్తున్నాం. రసికులు మన్నింతురు గాక.

కావ్యబీజం వాట్సాప్‌లో పడింది. నాయకుడి బావమరిది గల్ఫ్‌లో స్థిరపడినవాడు. సకుటుంబంగా అంతస్తుల మేడలాంటి ఓడ ఎక్కి, మధ్యధరా సముద్రం మీద తేలి, నేపుల్స్ రేవులో దిగి, పొద్దున వెసూవియస్ అగ్నిపర్వతాన్నీ మధ్యాహ్నం పాంపే శిథిలాలనూ చూసి, కుటుంబ గ్రూపులో ఫొటోల వాన కురిపించాడు. వెసూవియస్ 1944 తర్వాత మళ్లీ పేలలేదని శాస్త్రజ్ఞులు అంటారు. వారికి గడ్డపోతారం సంగతి తెలియదు. ఆ కొండ అంచున బావమరిది పెట్టుకున్న నల్లకళ్లద్దాల మెరుపుకు ఇక్కడ ఒక ఇంటి గృహశాంతి భస్మమైంది.

ఇల్లాలు ఒక్క మాటా అనలేదు. ఆ అనకపోవడానికే నాయకుడు సగం చచ్చాడు. ఎనిమిదో తరగతి కూతురు మిగతా సగం పూర్తి చేసింది: “డాడీ, మనం ఎప్పుడు పోతం?”

ఉడికే రియాక్టర్ పక్కన చెమట పట్టనీయని ధీరోదాత్తుడు ఒక్క క్షణం తడబడి, తేరుకుని ప్రతిజ్ఞ పట్టాడు: “రోముకు ఓడెందుకు బిడ్డా? మన జిల్లలనే ఉన్నది. అగ్నిపర్వతం గూడ ఉన్నది. నా ఆఫ్ రోజు తోల్కపోత.”

పురవర్ణన

అమరావతికి పారిజాతం ఎలాగో గడ్డపోతారానికి దాని పరిమళం అలాగ. కాకపోతే పారిజాతం ఏ చెట్టుదో ఎవరైనా చెబుతారు. ఇక్కడ అర్ధరాత్రి దాటాక వీచే వాసన ఏ కంపెనీదో పక్క కంపెనీవాడు మాత్రమే చెబుతాడు. ఈ పురానికి గోపురాలు బాయిలర్ పొగగొట్టాలు, బురుజులు సాల్వెంట్ ట్యాంకులు, ఐరావతాలు నీళ్ల ట్యాంకర్లు. ద్వారపాలకులు మహా నిష్ఠాపరులు. సెల్‌ఫోనూ అగ్గిపెట్టే తీసి గేటు దగ్గర పెట్టందే దేవేంద్రుణ్ణయినా లోపలికి వదలరు. పొద్దున షిఫ్టు మారే వేళ టీ బండి ముందు ఒడియా, హిందీ, తెలుగు కలిసి ఒకేసారి వినిపిస్తాయి; భువనవిజయంలోనైనా అన్ని భాషలకు ఒక్కడే ఇన్ని కప్పుల టీ పోసి ఉండడు.

ఈ పురజనులు దేశాలు చూడరు, వారి చేతిపని చూస్తుంది. ఇక్కడ ఉడికి, సెంట్రిఫ్యూజ్‌లో గిరగిరా తిరిగి, డ్రయర్‌లో ఆరి, డ్రమ్ముల్లోకి ఎక్కిన తెల్లపొడి సముద్రాలు దాటిపోయి, మాత్రలై ఎవరి జ్వరాన్నో దించుతుంది. పోతే, పురవర్ణనలో కొలనులను, అందులోని కలువలనూ హంసలనూ చెప్పడం కవిధర్మం. కాజిపల్లి వైపు చెరువులను వర్ణించాలంటే ఛందస్సు చాలదు, ల్యాబు రిపోర్టు కావాలి. నక్కవాగు మోసుకుపోయి మంజీరకు చెప్పుకున్న బాధలు ఇందులో కలిపితే కావ్యం విషాదాంతం అవుతుంది. ముందుకు పోదాం.

నౌకావర్ణన

పటాన్‌చెరు రేవు దాకా సెవెన్ సీటర్ ఆటో అనే తెప్ప. ఏడుగురి కోసం పుట్టి పదమూడుగురిని మోసే త్యాగశీలి అది. రేవులో లంగరు వేసి ఉంది మహానౌక: ఆర్టీసీ వారి పల్లెవెలుగు. కిటికీ అద్దాలు కొన్ని కదలవు, కొన్ని ఆగవు. ఆ గలగలే మంగళవాద్యం.

నౌకలోకి స్త్రీజనం రాజముద్రలతో ప్రవేశించారు. 2023 డిసెంబరు 9 నుంచి తెలంగాణలో ఆడవారికి ఈ నౌకల్లో సుంకం లేదు. కండక్టరు “అమ్మా, ఆధార్ చూపియ్యుండ్రి” అనగానే నాయనమ్మ రొండిన దోపిన సంచీ తీసింది. అందులోంచి రుమాలు మూట, మూటలోంచి మడిచిన ప్లాస్టిక్ కవరు, కవరులోంచి ఆధార్ కార్డు వెలువడే లోపల నౌక రెండు స్టాపులు దాటింది. కార్డు మీది మనిషి నాయనమ్మను పోలి లేదు. ఆ మాటకొస్తే ఏ మనిషినీ పోలి లేదు. కండక్టరు కార్డు చూశాడు, నాయనమ్మను చూశాడు, మళ్లీ కార్డు చూశాడు, ‘సున్నా’ టికెట్టు చింపి భక్తితో సమర్పించాడు. ముగ్గురు ఆడవారికి మూడు సున్నాలు. కప్పం కట్టినవాడు నాయకుడు ఒక్కడే.

సముద్రవర్ణన

65వ నంబరు జాతీయ రహదారిని సముద్రమంటే అతిశయోక్తి అనుకోకండి. పుణె దగ్గర పుట్టిన ఈ దారి తూర్పున బందరు రేవుకే చేరుతుంది. క్రీస్తుశకం ఒకటో శతాబ్దంలో పేరు తెలియని ఒక గ్రీకు వర్తకుడు ఎర్రసముద్ర యానం గురించి పుస్తకం రాస్తూ, మసాలియా అనే చోట సన్నబట్ట విరివిగా తయారవుతుందని చెప్పాడు. అది బందరు సీమే అని చరిత్రకారులు పోల్చారు. పైఠన్ నుంచీ తగరపురం నుంచీ సరుకులు బండ్ల మీద, సరైన బాటలే లేని నేల మీదుగా భరుకచ్ఛం రేవుకు పోతాయనీ రాశాడు. బాటలు లేకపోవడం గురించి ఆయన మాట నేటికీ కొన్ని చోట్ల చెల్లుబాటులో ఉంది.

ఆ సాగరంలో మన నౌక చొచ్చింది. కంటైనర్ లారీలనే తిమింగలాలు ఇరుపక్కలా రొప్పుతున్నాయి. స్పీడు బ్రేకరనే ఉత్తుంగ తరంగం మీద వెనక సీటువారు అంతరిక్షం చూసి వచ్చారు. ఇస్నాపూర్ చౌరస్తా అనే సుడిగుండంలో నౌక చాలాసేపు అక్కడక్కడే తిరిగింది. రుద్రారం గణపతికి నాయనమ్మ కిటికీలోంచే దండం పెట్టింది. కందిలో ఐఐటీ గేటు కనబడగానే ఇల్లాలు కూతురి వంక, కూతురు ఆకాశం వంక చూశారు. సంగారెడ్డి రేవులో దిగి, మరో తెప్ప పట్టుకొని, కొండాపూర్ ద్వీపం చేరారు.

శైలవర్ణన

“అగ్నిపర్వతం ఏది డాడీ?”

“మీ అమ్మ సంచిల ఉన్నది.”

మ్యూజియం బయట చెట్టు కింద ఇల్లాలు డబ్బా మూత తీసింది. జొన్న రొట్టెలు, పచ్చిమిరపకాయ తొక్కు, వేయించిన శనగలు. జొన్నలూ శనగలూ ఆమె పుట్టిల్లు నారాయణఖేడ్ నుంచి వచ్చినవి. అక్కడి నల్లరేగడి కింద పడుకున్నది దక్కన్ లావా. దాదాపు 6.6 కోట్ల ఏళ్ల కిందట, రాక్షసబల్లుల కాలం ముగిసే రోజుల్లో, భూమి ఒక్క శిఖరం నుంచి కాక నిలువునా పగిలిన బీటల్లోంచి కరిగిన రాతిని కక్కింది. అది పొర మీద పొరగా పరుచుకుంది. కోత పోగా ఇవాళ మిగిలినదే సుమారు 5 లక్షల చదరపు కిలోమీటర్లు: మహారాష్ట్రలో చాలా భాగం, మన జిల్లాకు పడమటి అంచు. పటాన్‌చెరు వైపు గుండ్లు దానికన్నా ఎంతో పాతవి, సుమారు 250 కోట్ల ఏళ్ల గ్రానైటు. వెసూవియస్ రెండు మూడు ఊళ్లను కప్పి లోకమంతా పేరు తెచ్చుకుంది. ఇది ఒక దేశమంత నేలను కప్పి, నలిగి, నల్లమట్టై, జొన్న పండించి, తొక్కుతో నోట్లోకి పోతున్నది.

“కారం మస్తుగ ఉన్నదమ్మా,” అన్నది కూతురు, కళ్లనీళ్లు తుడుచుకుంటూ. లావా అన్నాక ఆ మాత్రం ఉంటుంది.

రోమక దర్శనం

కొండాపూర్ దిబ్బను జనం కోటగడ్డ అంటారు. నిజాం పురావస్తు శాఖ గులాం యాజ్దానీ ఆధ్వర్యంలో 1941-42లో తవ్వితే శాతవాహనుల ఊరు బయటపడింది. నాణేలు, నాణేలు పోసే అచ్చులు కూడా దొరకడంతో ఇది టంకశాలల ఊరని తేల్చారు. పూసలు, తెల్లమట్టి బొమ్మలు, ఆ బొమ్మల తలల మీద బ్యూటీపార్లర్లు ఈర్ష్యపడే కొప్పులు! వీటి నడుమ ఆగస్టస్ చక్రవర్తి బంగారు నాణెం.

ఆ బంగారం ఇటు పోతున్నదని రోములో కడుపుమంటతో రాసుకున్నవాడు పెద్ద ప్లినీ. ఏటా కనీసం 5 కోట్ల సెస్టర్సుల సొమ్మును భారతదేశం లాగేస్తున్నదనీ, అక్కడి నుంచి వచ్చే సరుకు రోములో వంద రెట్ల ధరకు అమ్ముడుపోతున్నదనీ లెక్క కట్టాడు. ఆంధ్రులకు గోడలున్న నగరాలు 30, కాల్బలం లక్ష, ఏనుగులు వెయ్యి అనీ ఆయనే రాశాడు. అగ్నిపర్వతానికి నౌకావిహారం వెళ్లినవారిలోనూ ఆయన పేరు ముందే చెప్పాలి. క్రీస్తుశకం 79లో వెసూవియస్ పేలినప్పుడు మిసేనం నౌకాదళాధిపతి ఆయనే. వింత మేఘాన్ని దగ్గర నుంచి చూద్దామని బయలుదేరబోతూ, సాయం కోరుతూ వచ్చిన చీటీ చూసి పెద్ద ఓడలనే కదిలించాడు. అవతలి ఒడ్డున స్నానం చేసి, భోంచేసి, గురకపెట్టి నిద్రపోయాడు. రాళ్లు పడుతుంటే అందరూ తలల మీద దిండ్లు కట్టుకుని బయటికి వచ్చారు. ఆయన తిరిగి రాలేదు.

మహాసామ్రాజ్యపు చివరి శిరస్త్రాణం దిండు అని చదివి కూతురు కిసుక్కున నవ్వింది. తర్వాత ఒక అద్దాల పెట్టె ముందు ఆగింది.

అందులో మట్టిబిళ్ల. నాణెమంతే ఉంది. ఒక తల పక్కకు తిరిగి ఉంది; ముక్కు అరిగిపోయింది. పైన దారం దూర్చే బొడిపె. టైబీరియస్ నాణేన్ని నమూనా పెట్టుకొని ఇలాంటివి అచ్చు పోశారని పండితుల మాట. బంగారం కొనలేనివారికి కొండాపూర్ కుమ్మరి మట్టిలో దించి ఇచ్చిన చక్రవర్తి!

నాయనమ్మ వంగి చూసింది. “గిదా? లంబాడోళ్ల మెడల రూపాయిల దండ చూడలేదా? రాణి బొమ్మయి ఉంటుండె. అసలుది లేనోళ్లకు గిది. రాజెవడైతేంది, మెడకు సొగసైతే సాలు.”

పేరు తెలియదు, చరిత్ర చదవలేదు, అయినా పండితులు పేజీలు రాసినదాన్ని ముసలమ్మ ఒక్క మాటలో తేల్చింది. చిన్నవాటిని పెద్దవి చేయడానికి మాలాంటి కవులం నానా తంటాలు పడతాం. కొండాపూర్ కుమ్మరి పని నేరుగా ఉంది: సముద్రాల అవతలి చక్రవర్తిని బొటనవేలంత చేసి, బొడిపె పెట్టి, ఇక్కడి పిల్ల మెడకు కట్టాడు. ఏ సైన్యం చేయని పని అది.

నాయకాభ్యుదయం

తిరుగు నౌకలో కూతురు ఫోనులో వెతికి ఒక సంగతి పట్టింది. 1938లో పాంపే శిథిలాల్లో జానెడు ఎత్తు దంతపు స్త్రీమూర్తి దొరికింది. లక్ష్మి అన్నారు, యక్షి అన్నారు. దక్కన్‌లోని భోకర్దన్ శిల్పుల పని అయి ఉండవచ్చని అంటారు. ఇప్పుడు నేపుల్స్ మ్యూజియంలో ఉంది. రోము తల మన మెడలో, మన బొమ్మ రోము ఇంట్లో.

ఇల్లాలు వెంటనే గ్రూపులో తమ్మునికి రాసింది: “తమ్మీ, మీరు దిగిన ఊర్లనే మన దిక్కు బొమ్మ ఉన్నదట. చూసిన్రా?”

చాలాసేపటికి జవాబుగా ఒక బొటనవేలు వచ్చింది. చూడలేదని అర్థం. నాయకుడికి అభ్యుదయం కలిగింది.

ఫలశ్రుతి

ఈ ప్రబంధం చదివిన పురుషులకు పల్లెవెలుగులో కిటికీ సీటు దొరుకును. చదివిన స్త్రీలకు ఆధార్ కార్డు మొదటి వెతుకులాటలోనే చేతికి వచ్చును. బావమరుదులున్నవారికి సహనం పెరుగును. చదవకుండా శుక్రవారం నాడు కొండాపూర్ వెళ్లినవారికి మ్యూజియం మూసి ఉండును.