తమ విధేయుడు, చొక్కా సైజు 42

బాబాయిగారి చొక్కాకి గుండీ ఊడిందంటే ఇంట్లో ముందుగా వెతికేది సూదీదారం కాదు, తెల్లకాగితాలు. ఆయన ఇరిగేషన్ శాఖలో సూపరింటెండెంటుగా రిటైరయ్యారు. విజయవాడ సత్యనారాయణపురంలో మా సందుకంతటికీ ఆయన బాబాయిగారే. సర్వీసంతా పైవాళ్ళకి నోట్ ఫైళ్ళు రాశారు గానీ, వాటిలో చమత్కారానికి చోటెక్కడిది? అదంతా కడుపులోనే దాచుకున్నారు. పెన్షన్ మొదలయ్యాక ఆ నిల్వ మొత్తం రెడీమేడ్ బట్టల కంపెనీల మీద దింపారు.

గుండీ ఉత్తరం నేను చూశాను. పైన "విషయం: నాలుగవ గుండీ పదవీ విరమణ గురించి" అనుంది. "సూచిక" దగ్గర బిల్లు నంబరు, తేదీ. ఆ తర్వాత ఇలా సాగింది: "తమ చొక్కాయందలి నాలుగవ గుండీ, మా మనవడి అన్నప్రాశన నాడు పాయసము రెండవసారి వడ్డించుచుండగా, ముందస్తు నోటీసు లేకుండా రాజీనామా సమర్పించినది. ఆమోదించుట తప్ప నాకు గత్యంతరము లేకపోయినది. చొక్కా లోపలి అంచున అదనపు గుండీ కుట్టి పంపినందులకు కృతజ్ఞతలు. దీనినిబట్టి సదరు గుండీ నిలువదని తమకు ముందే తెలియునని భావించుచున్నాను." అడుగున సంతకం, దాని కింద "అనుబంధం: గుండీ ఒకటి". నిజంగానే గుండీని చిన్న కవర్లో పెట్టి పిన్ను కొట్టారు.

డబ్బు వాపసు కోసం అనుకునేరు. అలా అంటే ఆయనకి ఎక్కడలేని కోపం వస్తుంది. ఒకసారి ఏదో కంపెనీ మారుమాట లేకుండా కొత్త చొక్కా పంపేసింది. రెండ్రోజులు అన్నం సరిగ్గా తినలేదట. "మూడు పేజీలు రాస్తే చొక్కా మొహాన కొట్టారోయ్! ఒక్క ముక్కయినా చదివారా?" అని నాతో వాపోయారు. ఆ చొక్కా పిన్నిగారు వాళ్ళ తమ్ముడికిచ్చారు. అతను సుబ్బరంగా తొడుక్కు తిరుగుతున్నాడు.

ఇలాంటి మనిషి మీ వీధిలోనూ ఉండే ఉంటాడు. షాపు కౌంటరు దగ్గర గొంతు చించుకునేవాడు వేరు, ఫోన్లో ఒక్క నక్షత్రం నొక్కి పగ తీర్చుకునేవాడు వేరు. వీళ్ళిద్దరికీ కావలసింది న్యాయం. మన బాబాయిగారికి కావలసింది పాఠకుడు. ఒకప్పుడు పేపర్లో ఎడిటరుకి లేఖలుండేవి, రేడియోలో శ్రోతల ఉత్తరాలు చదివేవారు. వాటి జాగా ఇరుకైపోయింది. ఇక మిగిలిన చిరునామా ఏదయ్యా అంటే చొక్కా అట్టపెట్టె అడుగున ఉన్నదే. ప్యాక్ చేసి అమ్మే సరుకు మీద ఫిర్యాదు ఎవరికి చేయాలో పేరు, చిరునామా, ఫోను, ఈమెయిలుతో సహా అచ్చువేయాలని 2011 నాటి తూనికలు కొలతల నిబంధనలు చెబుతున్నాయి. బాబాయిగారి దృష్టిలో ఇది వినియోగదారుల కోసం చేసిన చట్టం కాదు, రచయితల కోసం చేసింది. ఏ కవికి ప్రభుత్వం ఇలా పాఠకుణ్ణి చట్టబద్ధంగా ఏర్పాటు చేసింది చెప్పండి!

"వినియోగదారుల కమిషన్‌కి ఎక్కొచ్చుగా బాబాయిగారూ, ఐదు లక్షల లోపు కేసుకి ఫీజు కూడా లేదట" అన్నానొకసారి.

"అక్కడ తీర్పొస్తుంది అబ్బాయ్. జవాబు రాదు" అన్నారు. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయమన్నా ఒప్పుకోలేదు. ఫోన్లో సంతకం పెట్టడం కుదరదట.

అలాగని ఊరికే తప్పులు పట్టే రకం కూడా కాదు. ప్రతి ఉత్తరం వెనకా పరిశోధన ఉంటుంది. సైజు మీద రాసినదాన్నే తీసుకోండి. "నా చాతీ 42 అంగుళములు. తమ చొక్కా మీద కూడ 42 అనియే యున్నది. అయినను మేమిద్దరము ఒకరిలోనొకరము ఇమడలేకపోతిమి. కావున ఇద్దరిలో ఒకరు అబద్ధమాడుచున్నారు. నేను నా భార్య సమక్షమున టేపు పెట్టి కొలుచుకొంటిని. తాము ఎవరి సమక్షమున కొలిచితిరి?" స్లిమ్ ఫిట్ అని కాలరు కింద వేరే చీటీ ఉన్న సంగతి పిన్నిగారు చూపించారు. బాబాయిగారు ఆ సంగతి ఉత్తరంలో కలపలేదు. వాదన పాడవుతుందన్నారు.

బిల్లుల ఫైలు వేరే ఉంది. ఈమధ్య షాపుల్లో ఇచ్చే నున్నటి కాగితం బిల్లు నాలుగు నెలలు బీరువాలో ఉంటే తెల్లబోతుంది కదా. దాని మీదా రాశారు: "తమ ఎర్ర చొక్కా తన రంగును నా బనీనుకు, రెండు పంచెలకు, ఒక దిండు గలీబుకు దానము చేసి కర్ణుడు అనిపించుకొన్నది. అయితే రంగు పోవుటలో దానికి ప్రథమ బహుమతి ఈయలేను. తమ బిల్లు అంతకుముందే గెలిచినది."

అన్నిటికీ తలమానికం ఉతుకుడు ఉత్తరం. చొక్కా లోపల పక్క కుట్టులో తెల్ల చీటీ ఉంటుంది చూడండి, తొట్టి బొమ్మ, త్రికోణం, ఇస్త్రీపెట్టె బొమ్మ వేసి. మనమైతే గుచ్చుకుంటోందని కత్తిరించి పారేస్తాం. ఆయన భూతద్దం పెట్టుకుని చదువుతారు. తొట్టి బొమ్మలో 30 అనుంది, అంటే 30 డిగ్రీలు మించని నీళ్ళలో ఉతకాలి. అది మే నెల. మధ్యాహ్నం మేడ మీద ట్యాంకు నీళ్ళు చెయ్యి పెట్టనివ్వవు. బాబాయిగారు బకెట్ పట్టి, ఇంట్లో ఉన్న జ్వరం చూసే థర్మామీటరు అందులో ముంచారు. అది 42 దాకా పోయి, అంతకు మించి చూపే అంకెలు లేక ఆగిపోయింది. ఇక కలం ఆగుతుందా? "మా నీటికి తీవ్రమైన జ్వరము. చొక్కాకు స్నానము ఎట్లు చేయింపవలెను? నీడయందు ఆరవేయవలెనని కూడ ఆదేశించితిరి. ఈ ఊరియందు ఇప్పుడు నీడ ఎచ్చట దొరకునో చీటీలో అచ్చువేసిన, చొక్కాకు ముందు నేను పోయి నిలబడెదను."

ఇన్ని ఉత్తరాలకీ వచ్చే జవాబు మాత్రం ఒక్కటే. "ప్రియమైన కస్టమర్, మీకు కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాం. దయచేసి మీ ఆర్డర్ నంబరు తెలపగలరు." బాబాయిగారు దాన్నీ వదల్లేదు. "చింతించినట్లు వ్రాసితిరి. ఎంతసేపు?" అని రాశారు. మళ్ళీ చింతిస్తున్నామనే వచ్చింది.

ఉతుకుడు ఉత్తరానికి మాత్రం వేరే జవాబొచ్చింది. కాగితం మీద ప్రింటు తీసి పట్టుకుని ఆయనే మా ఇంటికొచ్చారు. "అయ్యా, నమస్కారం. మాది కొత్తగూడెం. మా అమ్మ మే నెలలో బట్టలు తెల్లవారుజామున నాలుగింటికి ఉతుకుతుంది. అప్పుడు నీళ్ళకి జ్వరం ఉండదు. నీడ ఎక్కడో మాకూ తెలియదు. మా ఆఫీసులో ఏసీ ఉంది, చొక్కా పంపితే ఆరేసి పంపుతాం. థర్మామీటరు మళ్ళీ నోట్లో పెట్టుకునే ముందు కడగగలరు. మీ గుండీ మా టేబుల్ మీద క్షేమం." కింద ఒకమ్మాయి సంతకం, దానికి రెండొందల కూపను జతచేసి ఉంది.

బాబాయిగారు కూపను వంక చూడనైనా లేదు. ఉత్తరం నా చేత రెండుసార్లు పైకి చదివించుకున్నారు. "కడగగలరు అంటుందేవిటోయ్!" అని మురిసిపోయారు. ఆ వెంటనే మొహం వాడిపోయింది. జవాబు రాయాలంటే ఫిర్యాదు ఉండాలి కదా. ఉన్న చొక్కాల మీద రాయాల్సిందంతా రాసేశారు.

సాయంత్రం నన్ను వెంటబెట్టుకుని బీసెంట్ రోడ్డుకి బయల్దేరారు. అదే కంపెనీ చొక్కాలు కౌంటరు మీద పరిపించి, కాలర్లు తిరగేసి, కుట్లు లాగి, కాజాలన్నిటిలో వేలు దూర్చి చూశారు. అన్నీ నిక్షేపంలా ఉన్నాయి. ఆయన ఢీలా పడిపోతున్న సమయానికి సేల్స్ కుర్రాడు ఒక నీలం చొక్కా చటుక్కున పక్కకి లాగేశాడు.

"అది వద్దు సార్, చెయ్యి దగ్గర కుట్టు వంకరపోయింది. వేరే పీసు తీస్తాను."

"నువ్వు మంచివాడివి నాయనా" అన్నారు బాబాయిగారు, జేబులోంచి డబ్బు తీస్తూ. "అదే కట్టు."