కథ ఉందిగా, బొమ్మ కదలకపోతేనేం!

అనిమేలో బొమ్మ ఎలా కదిలితే మనకేంటి, కథ బాగుండాలి గాని అని తేల్చేసే మహానుభావులందరికీ ఓ మనవి. మీరిక టికెట్లు కొనకండి. చందాలు కట్టకండి. చూసొచ్చినవాణ్ణి ఎవర్నో పట్టుకుని కథ ఫోన్లో చెప్పించుకోండి. పది నిమిషాల్లో ముగుస్తుంది, కరెంటు మిగులుతుంది, కళ్ళు చల్లగా ఉంటాయి. ఎవరు చచ్చారు, ఎవరు ఎవరికి అన్న, చివర్లో విలన్ మారాడా లేదా, ఇంతేగా మీకు కావలసింది? దీనికోసం ఎక్కడో టోక్యోలో ఒక పిల్ల మెడ పట్టేసినా అర్ధరాత్రి దాకా కూర్చుని ఒక చెయ్యి వంద సార్లు గీయడం దేనికి, పాపం.

ఇదే పెద్దమనుషులు ‘మాయాబజార్’ దగ్గరికొచ్చేసరికి మాట మార్చేస్తారు. 1957 నుంచీ ఆ కథ ఇంటింటికీ తెలుసు. ఘటోత్కచుడు శశిరేఖ రూపం ఎత్తాడన్నది ఒక్క వాక్యం. అయినా ఆ సుకుమారపు ఒంట్లోంచి సావిత్రి ఎస్వీ రంగారావు భుజాల్ని బయటికి తీసి నడుస్తుంటే, ఎన్నోసారి చూసినా రెప్ప వెయ్యరు. కథే చాలనుకుంటే ఆవిడెందుకు? ‘శశిరేఖ’ అని పలక మీద రాసి ఎవరి మెడలోనో తగిలించి నిలబెడితే సరిపోయేది. తెర మీద రక్తమాంసాల మనిషైతే నటన కావాలి, గీతల మనిషైతే అక్కర్లేదు అనే ఈ ధర్మశాస్త్రం ఏ ఋషి రాశాడో తెలియదు. నిజానికి గీతల మనిషికే కష్టం ఎక్కువ. సావిత్రికి రెప్ప దానంతటదే పడుతుంది. బొమ్మకి రెప్ప కూడా ఎవరో గీస్తేనే పడుతుంది.

బొమ్మ కదలకపోయినా సరిపెట్టుకునే ఈ రోగానికి ఒక పుట్టినరోజు ఉంది. 1963 జనవరి 1. ఒసాము తెజుకా ‘ఆస్ట్రో బాయ్’ జపాన్ టీవీలో మొదలైన రోజు. వారం వారం అరగంట కార్యక్రమం, చేతిలో డబ్బు అంతంతమాత్రం. సెకనుకి 24 ఫ్రేములు తిరిగే ఫిల్ములో ఒక్కో బొమ్మని మూడేసి ఫ్రేములు నిలబెట్టి, ఎనిమిది బొమ్మలతో సెకను గడిపేశారు. ఒకసారి గీసిన పరుగునీ ఎగురుడునీ దాచిపెట్టి, అవసరమైనప్పుడల్లా బయటికి తీశారు. ఆ దాపుడికి వాళ్ళు పెట్టుకున్న పేరు ‘బ్యాంక్’. ఎంత తీసినా బ్యాలెన్సు తగ్గని బ్యాంకు ప్రపంచంలో అదొక్కటే. ఇక నోరంటారా, మూడే బొమ్మలు: మూసింది, సగం తెరిచింది, పూర్తిగా తెరిచింది. అమ్మ చనిపోయిందని చెప్పినా ఆ మూడే, టిఫినేంటని అడిగినా ఆ మూడే.

తెజుకాని తప్పుపట్టను. ఆ పొదుపే లేకపోతే ఇవాళ వాదించుకోడానికి అనిమే అనేదే ఉండేది కాదేమో. పైగా బొమ్మలు తక్కువైనంత మాత్రాన నటన తగ్గాలనేం లేదు. ఒసాము దెజాకి 1970లో ‘అషితా నో జో’ తీసినప్పుడూ చేతిలో ఉన్నది ఆ లేమి బడ్జెట్టే. ఆయన ముఖ్యమైన క్షణం రాగానే కదలికని ఆపేసి దాన్నొక రంగుల చిత్తరువు చేసి పడేసేవాడు. అక్కడ ఊపిరి బిగబట్టేది మనం. 1995లో మొదలైన ‘ఎవాంజెలియన్’లో హిదెయాకి అన్నో అసుకా, రేయి అనే ఇద్దరమ్మాయిల్ని లిఫ్టులో నిలబెట్టాడు. నిమిషం దగ్గర దగ్గర ఎవరూ కదలరు, మాట్లాడరు. అసుకాకి రేయి అంటే ఎంత గిట్టదో ఆ లిఫ్టులో ఉక్కపోతలా తగులుతుంది. ఆ నిలబడటం నటన. ప్రతి సీజన్లో డజన్ల కొద్దీ దిగే నాసిరకం సీరియళ్ళలో పాత్రలు నిలబడటం మాత్రం పైకం చాలకపోవడం. రెండిటికీ తేడా తెలియనివాడు గోడ గడియారం ఆగిపోయినా గంభీరంగా ఉందనుకుంటాడు.

కథావాదులకి ఒక్క సన్నివేశం కానుకగా ఇస్తాను. ఇసావో తకహతా 1991లో తీసిన ‘ఓన్లీ యెస్టర్‌డే’. 1966 నాటి టోక్యో, మధ్యతరగతి ఇల్లు, జీవితంలో మొదటిసారి ఇంటికొచ్చిన పచ్చి పైనాపిల్. డబ్బాలో ముక్కలు తప్ప అసలు పండు ఎరగని కుటుంబం. ఎలా కొయ్యాలో తెలియదు. తీరా తెలుసుకున్నాక అమ్మ కత్తి పట్టుకుంటుంది, అందరూ బల్ల చుట్టూ చేరతారు, వాసనకే పిల్లల మొహాలు విచ్చుకుంటాయి. అందరూ ఒకేసారి కొరుకుతారు. నములుతారు. ఆ నమలడం క్రమంగా నెమ్మదిస్తుంది. ఒకరి మొహం ఒకరు చూసుకోరు, ఎందుకంటే చూస్తే నిజం ఒప్పుకోవాలి. గట్టిగా ఉంది, తియ్యగా లేదు. ఒక్కొక్కరే తమ ముక్కల్ని పదేళ్ళ తాయెకో వైపు తోసేస్తారు. ఆ పిల్ల మొండిగా, మాట్లాడకుండా, దవడ నొప్పెడుతున్నా నములుతూనే ఉంటుంది. ఎన్నాళ్ళుగానో ఆశపడింది మరి.

ఇందులో కథ ఎంతుంది? ‘పండు బాగోలేదు.’ రెండు ముక్కల్లో అయిపోయింది. దీన్ని మన పొదుపు స్టూడియో చేస్తే ఎలా ఉండేదో కూడా చెప్పగలను. పండు బొమ్మ ఒకటి, దాని మీద కెమెరా ఎడమ నుంచి కుడికి జరుగుతుంది, వెనకాల నుంచి గొంతు: ‘అయ్యో, రుచిగా లేదే!’ కథ చెక్కు చెదరలేదు, చూసుకోండి. పోయిందల్లా ఆ పిల్ల.

అదే సినిమాలో పెద్దయిన తాయెకో నవ్వితే బుగ్గల కండరాల గీతలు కనబడతాయి. అనిమే అమ్మాయి అందంగా ఉండాలంటే మొహం మీద గీత ఉండకూడదని అందరూ ఒట్టేసుకున్న దేశంలో తకహతా ఆ సాహసం చేశాడు. సాధారణంగా అక్కడ బొమ్మ అయ్యాక గొంతు ఇప్పిస్తారు. ఈయన పెద్దయిన తాయెకో భాగంలోని పాత్రలకి ముందు గొంతులు రికార్డు చేయించి, ఆ మాటల వెంట పెదాలు గీయించాడు. అంత చాకిరీ దేనికండీ, మూడు నోళ్ళు ఉన్నాయిగా!

హయావో మియజాకి ఇంకా ఖర్చుమనిషి. ‘స్పిరిటెడ్ అవే’లో చిహిరో గాయపడిన డ్రాగన్ నోట్లో మందు కుక్కాలి. కుక్కకి మందు మింగించేటప్పుడు అది దవడ ఎలా బిగిస్తుందో అలా గీయండి అన్నాడు. గదిలో కుక్కని పెంచినవాళ్ళు దొరకలేదు. ఆయన నెత్తి కొట్టుకున్నాడు, కుర్రాళ్ళు పశువుల డాక్టరు దగ్గరికి కెమెరా పట్టుకెళ్ళి ఒక కుక్క నోరు తెరిపించి తీసుకొచ్చారు. లోకంలో లేని జంతువు కోసం లోకంలో ఉన్న కుక్క చిగుళ్ళు పరీక్షించిన పిచ్చివాళ్ళు! 2001లో ఆ పిచ్చి చూడటానికే జపాన్ జపానంతా థియేటర్లకి కదిలింది.

ఇక రెండో పక్షం. వీళ్ళు బొమ్మకి భక్తులు, కాకపోతే కొట్లాట ఉన్నప్పుడే. కత్తి నుంచి నిప్పు రాలాలి, నిప్పు నుంచి నీళ్ళు రాలాలి, కెమెరా బొంగరంలా తిరగాలి. 2025 సెప్టెంబర్ 12న ‘డీమన్ స్లేయర్’ కొత్త సినిమా తెలుగు డబ్బింగుతో మన హాళ్ళలోకి దిగినప్పుడు ఈ భక్తిని కళ్ళారా చూశాం. ఆ సినిమాలోని కోట లోపలి పతనాలూ, ఆ వేగమూ నిజంగానే నోరెళ్ళబెట్టించేవి, కాదనను. కానీ ఈ భక్తుల దృష్టిలో ఒక మనిషి కుర్చీలోంచి లేవడం యానిమేషన్ కాదు. బరువు మోకాళ్ళ మీద పడాలి, చెయ్యి బల్లని వెతకాలి, నడుము ఒకసారి ఆగాలి. ఇంతా గీసినవాడికి ఈల పడదు. పిడుగు గీసినవాడికి పడుతుంది. మోకాలు తప్పు గీస్తే పట్టుకునేవాళ్ళు ఇంటింటికీ ఉంటారు, పిడుగు తప్పు గీస్తే పట్టుకునేదెవరు?

కథే చాలన్న సిద్ధాంతానికి కాలమే ఒక పరీక్ష పెట్టింది. 2015లో ‘వన్ పంచ్ మ్యాన్’ మొదటి భాగం మ్యాడ్‌హౌస్‌లో తయారైంది. దర్శకుడు షింగో నత్సుమె తన పరిచయాలన్నీ వాడి మంచి చేతుల్ని పోగేశాడు. 2019లో వచ్చిన రెండో భాగం జె.సి. స్టాఫ్‌కి వెళ్ళింది. రచయిత అదే, హీరో సైతామా అదే, బట్టతల అదే. కథ వెంట్రుకంత కూడా మారలేదు. అయినా అభిమానలోకం ఘొల్లుమంది. ఆ ఘొల్లుమన్నవాళ్ళలో మన కథావాదుల గొంతులు లేవని గుండె మీద చెయ్యేసుకుని చెప్పమనండి.

తిట్లన్నీ పడింది మాత్రం గీసినవాళ్ళకి. అసలు దొరలు తెర వెనక కమిటీ. డబ్బు పెట్టే ప్రచురణకర్తా, టీవీవాడూ, బొమ్మలమ్మేవాడూ కలిసి కూర్చునే నిర్మాణ కమిటీ. ఒక్క బొమ్మా గీయకముందే ప్రసారం తేదీ ప్రకటిస్తారు. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం. సోమలింగం నెలలు నిండకుండా పుడతాడు, తిట్లు మంత్రసానికి. అసోసియేషన్ ఆఫ్ జపనీస్ యానిమేషన్స్ లెక్క ప్రకారం 2023లో ఈ వ్యాపారం 3 లక్షల కోట్ల యెన్లు దాటింది. ముఖ్యమైన భంగిమలకి మధ్య వచ్చే బొమ్మలు గీసే కొత్త కుర్రాడికి ఒక్కో బొమ్మకీ ముట్టేది సుమారు 200 యెన్లు, మన లెక్కలో నూట ఇరవై రూపాయలకి అటూ ఇటూ. రోజంతా గీసి అద్దె కట్టగలిగితే అదే పెద్ద యానిమేషన్.

ఇంకో దారి లేదా అంటే, ఉంది. టోక్యోకి దూరంగా, ఉజి ఊళ్ళో క్యోటో యానిమేషన్ తన మనుషులకి నెలజీతం ఇచ్చి, సొంతంగా నేర్పించుకుని పనిచేసుకుంటోంది. అక్కడ నవోకో యమదా 2016లో తీసిన ‘ఎ సైలెంట్ వాయిస్’లో షోయా ఎవరి మొహంలోకీ చూడలేడు. చిన్నప్పుడు చెవుడున్న పిల్లని ఏడిపించిన పాపం మెడ ఎత్తనివ్వదు. వాడు తల దించుకుంటే మనకీ కనబడేవి ఎదుటివాళ్ళ కాళ్ళే. కాబట్టి కాళ్ళే నటించాలి. మడమ వెనక్కి జరుగుతుంది, బొటనవేలు లోపలికి తిరుగుతుంది, వెళ్ళాలా వద్దా అని ఒక బూటు సగంలో ఆగుతుంది. వినబడని ఆ అమ్మాయి చేతులు సైగలతో మాట్లాడతాయి, కోపమొచ్చినప్పుడు ఒకలా, సిగ్గేసినప్పుడు ఒకలా. ఆ చేతుల్ని ‘బ్యాంక్’లోంచి తీసి అతికిస్తే ఆ పిల్ల నిజంగా మూగదైపోయేది.

ఈ మధ్య మరో వర్గం బయల్దేరింది. వీళ్ళు ఒకటిన్నర వేగంతో చూస్తారు. మాటలు లేనిచోట వేలితో ముందుకి తోసేస్తారు, ‘ఇక్కడేం జరగట్లేదు’ అంటారు. లిఫ్టులో అమ్మాయిలూ పోయారు, పైనాపిలూ పోయింది, బూట్లూ పోయాయి. జపాన్‌లో దీని మీద పుస్తకమే వచ్చింది 2022లో. వీళ్ళ కోసం స్టూడియోలు ఎపిసోడ్‌కి ఒకే బొమ్మ గీసి పంపడం ఉత్తమం, వీళ్ళే తమ వేగంతో దాన్ని నడిపించుకుంటారు. ఒక్కటే షరతు. చూడటం అయిపోయాక, ‘అందరూ ఏడ్చామంటున్నారు, నాకు ఏడుపు రాలేదేంటి బాబాయ్’ అని మాత్రం నా దగ్గరికి రావద్దు.